పాల పద్దు పుస్తకంలో నిఫ్టీ

2024 జూన్ 4, మంగళవారం. తెనాలిలో ఆ వీధి వీధంతా టీవీల ముందే ఉంది. ఓట్ల లెక్కింపు మొదలై మూడు గంటలు దాటింది. రౌండు రౌండుకీ బయట టపాకాయలు పేలుతున్నాయి. మాస్టారింట్లో మాత్రం టీవీ సౌండు తగ్గించేశారు. ఆయనా, హైదరాబాద్ నుంచి వచ్చిన మేనల్లుడూ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నారు. ఇద్దరి కళ్లూ నిఫ్టీ మీదే. అది మెట్ల మీంచి జారిన బిందెలా దొర్లుకుంటూ పోతోంది.

ముందురోజు కథ వేరు. శనివారం సాయంత్రం వచ్చిన ఎగ్జిట్ పోల్స్ చూసి సోమవారం మార్కెట్ గంతులేసింది. నిఫ్టీ ఒక్కరోజులో 733 పాయింట్లు పెరిగి 23,264 దగ్గర ఆగింది. గురువారంతో ఆ వారం ఆప్షన్ల గడువు ముగుస్తుంది. ‘ఈ మూడు రోజుల్లో 22,500 కిందికి రాదు’ అన్నది మామా అల్లుళ్లిద్దరి అంచనా. ఇద్దరూ 22,500 పుట్ ఆప్షన్ అమ్మారు. 25 యూనిట్ల లాట్లు, చెరో పది. మాస్టారు అదనంగా ఇంకో పని చేశారు. 22,300 పుట్ కొన్నారు. లెక్క తేలిగ్గా ఉండాలంటే గుండ్రటి అంకెల్లో ఇలా అనుకోండి: అమ్మినదానికి వచ్చింది యూనిట్‌కు 90 రూపాయలు, కొన్నదానికి పెట్టింది 60. మిగిలింది 30.

‘‘ఆ 60 దండగ మావయ్యా. ఎలాగూ పడదంటున్నావుగా!’’ అన్నాడు అల్లుడు. అతనికి 90కి 90 మిగులుతాయి. అంటే 22,500 రూపాయలు. మాస్టారికి 7,500.

‘‘పడదనే అనుకుంటున్నాన్రా. కానీ మీ అత్తయ్య పుస్తకంలో రెండో గడి నింపాలిగా’’ అన్నారాయన.

ఆ పుస్తకం సంగతి చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

మాస్టారు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి 2018లో రిటైరయ్యారు. గ్రాట్యుటీ చేతికొచ్చింది, పొద్దు పోవడం కష్టమైంది. పాత శిష్యుడొకడు ఆప్షన్ల గురించి చెబితే ‘ఇదంతా సంభావ్యత లెక్కే కదా’ అని సంబరపడ్డారు. కొనేవాళ్లకంటే అమ్మేవాళ్లకే ఎక్కువసార్లు డబ్బు మిగులుతుందని త్వరగానే కనిపెట్టారు. అదీ నిజమే. 2019 అంతా వారానికి మూడు వేలో నాలుగు వేలో వచ్చాయి. పింఛనుకు తోడు ఇంకో పింఛను!

ఆవిడ ఒకే ఒక్కసారి అడిగారు. ‘‘ఏవండీ, పోతే ఎంత పోతుంది?’’ అని. ‘‘పోదులే’’ అన్నారు మాస్టారు.

2020 మార్చి వచ్చింది. 23వ తేదీన నిఫ్టీ ఒక్కరోజులో దాదాపు 13 శాతం పడి 7,610 దగ్గర ముగిసింది. ఆ నెల తిరిగేసరికి మాస్టారి గ్రాట్యుటీలో నాలుగు లక్షలకు పైగా కరిగిపోయింది. ఏడాదంతా ఏరుకున్న గింజలన్నీ ఒక్క వానకు కొట్టుకుపోయాయి. కింద గింజలు పోసిన గాదె కూడా.

ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని మాస్టారు ఇప్పటికీ అంటారు. వంటింట్లోంచి పాల పద్దు పుస్తకం తెచ్చి, వెనకవైపు నుంచి ఒక పేజీ తిప్పి, స్కేలు పెట్టి గీత గీశారు. ఎడమవైపు ‘వస్తే ఎంత?’ కుడివైపు ‘పోతే ఎంత?’ ఇరవై ఏళ్లు చీటీలు పాడిన మనిషి ఆవిడ. ‘‘చీటీ పాటలో ఎంత తోసేస్తున్నానో తెలిశాకే నోరు విప్పుతాను. మీరూ అంతే. రెండో గడి ఖాళీగా ఉంటే ఆ వారం ఆట లేదు’’ అన్నారు.

లెక్కల మాస్టారికి ఆ గడి నింపడం చేతకాలేదు. ఒట్టి ఆప్షన్ అమ్మినప్పుడు అక్కడ ఏం రాయాలి? కాల్ అమ్మితే నష్టానికి పై హద్దే లేదు. పుట్ అమ్మితే సూచీ సున్నాకు పడేదాకా నష్టమే. అలా వెతుక్కుంటూ వెతుక్కుంటూ ఆయన స్ప్రెడ్ దగ్గరికి వచ్చారు. పుస్తకాలు చదివి కాదు, ఇంటావిడ గీసిన గీత దాటలేక!

గుంటూరు చుట్టుపక్కల మిర్చి తెలియనివాళ్లు ఉండరు కాబట్టి ఆయన దాన్ని మిర్చితోనే చెబుతారు. కోల్డ్ స్టోరేజీలో సరుకు పెట్టుకున్న రైతు ఉన్నాడు. క్వింటాలు 16,000 పలుకుతోంది. పడిపోతుందేమోనని రైతు భయం. ఒక వ్యాపారి వచ్చి, ‘క్వింటాలుకు 500 ఇవ్వు. నెలలోపు ధర ఎంతకు పడినా నీ సరుకు 15,000కు నేను కొంటాను’ అన్నాడు. ఆ 500 ప్రీమియం, ఆ మాట పుట్ ఆప్షన్. ధర నిలబడితే వ్యాపారికి 500 ఊరికే మిగిలినట్టే. 9,000కు పడిందనుకోండి, అంత సరుకును 15,000 పెట్టి కొనాలి. 6,000 నష్టం, చేతిలో 500. కొంప మునిగింది.

తెలివైన వ్యాపారి ఏం చేస్తాడు? ఆ సాయంత్రమే తనకంటే పెద్ద వ్యాపారి దగ్గరికి వెళ్లి, 300 చెల్లించి, 13,000కు అమ్ముకునే హక్కు రాయించుకుంటాడు. ఇక మిగిలేది 200 రూపాయలే. కానీ ధర ఎంతకు పడినా 15,000కు కొన్నది 13,000కు అమ్మేయొచ్చు. పోయేది 2,000, వచ్చిన 200 తీసేస్తే 1,800. ధర 9,000కు పడినా 1,800, 5,000కు పడినా 1,800. దీన్నే మార్కెట్లో బుల్ పుట్ స్ప్రెడ్ అంటారు. సూచీ పెరగదనుకుంటే కాల్ ఆప్షన్లతో ఇదే పని తలకిందులుగా చేస్తారు, అది బేర్ కాల్ స్ప్రెడ్. రెండూ కలిపి వేస్తే ఐరన్ కాండార్. ఆ పేరుకు అర్థం చెబితే ఆవిడ ‘‘ఇనప రాబందా!’’ అని పడీపడీ నవ్వారట.

జూన్ 3న మాస్టారు పుస్తకంలో రాసింది ఇదీ: వస్తే 7,500. పోతే 42,500. రెండు స్ట్రైక్‌ల మధ్య 200 దూరంలో చేతికొచ్చిన 30 తీసేస్తే 170, దాన్ని 250 యూనిట్లతో గుణిస్తే వచ్చేది అంతే. ‘‘ఏడు వేల కోసం నలభై రెండు వేలు ఒడ్డుతున్నారా?’’ అన్నారావిడ. అన్యాయమైన ప్రశ్నేమీ కాదు. ఇలాంటి స్ప్రెడ్‌లో ఎక్కువసార్లు కొద్దికొద్దిగా వస్తుంది, పోయినప్పుడు గట్టిగా పోతుంది. నలభై రెండు వేలు పోయినా ఇల్లు నడుస్తుందని ఇద్దరూ అనుకున్నాకే మాస్టారు బటన్ నొక్కారు. ముందు కొనేది కొని, తర్వాతే అమ్మారు. ఆ వరుస తప్పరు. కాపు లేకుండా నిమిషం కూడా ఉండనంటారు, పైగా అలా చేస్తే మార్జిన్ కూడా బాగా తగ్గుతుంది.

మళ్లీ మంగళవారానికి వద్దాం. ఒక పార్టీకి సొంతంగా మెజారిటీ రాదని తేలుతున్నకొద్దీ నిఫ్టీ జారిపోయింది. మధ్యాహ్నం 21,281 దాకా వెళ్లింది. అల్లుడు అమ్మిన పుట్ 90 నుంచి 1,200 దాటేసింది. మార్జిన్ చాలలేదని బ్రోకర్ నుంచి మెసేజీల మీద మెసేజీలు. వేయడానికి చేతిలో డబ్బు లేదు. చూస్తుండగానే బ్రోకరే పొజిషన్ మూసేశాడు. పోయింది 2 లక్షల 85 వేలు. హైదరాబాద్‌లో ఫ్లాటు అడ్వాన్సు కోసం దాచిన ఎనిమిది లక్షల్లోంచి. ఆ ఎనిమిది లక్షలూ బ్యాంకులో ఉన్నాయనే అతని భార్య అనుకుంటోంది.

మాస్టారి నష్టం నలభై వేల దగ్గర ఆగిపోయింది. అయితే తెర మీద ఇంకో అంకె ఊరిస్తోంది. ఆయన కొన్న 22,300 పుట్ ఒక్కటే విడిగా రెండున్నర లక్షల లాభం చూపిస్తోంది. ‘‘మావయ్యా, అదొక్కటీ అమ్మేయ్! మళ్లీ పైకి రాకుండా పోతుందా?’’ అన్నాడు అల్లుడు. మాస్టారు చెయ్యి మౌస్ దాకా వెళ్లింది. దాన్ని అమ్మేస్తే మిగిలేది అల్లుడు ఇందాకటిదాకా ఉన్న చోటే. చెయ్యి వెనక్కి తీసుకుని, భోజనానికి లేచారు.

అసలు విడ్డూరం తర్వాత జరిగింది. ఆ రోజు నిఫ్టీ 21,884 దగ్గర ముగిసింది. బుధవారం లేచి 22,620కి, గడువు ముగిసే గురువారం 22,821కి వెళ్లింది. 22,500 పుట్ సున్నా అయిపోయింది. మాస్టారికి ఖర్చులు పోను ఆ ఏడు వేల చిల్లర వచ్చింది. అంచనా ఇద్దరిదీ ఒకటే, నిజమైంది కూడా. అల్లుడికి అది నిజమయ్యేదాకా ఆగే వీలు దొరకలేదు, అంతే. ‘ఆ రోజు కొన్న పుట్ అమ్మేసుంటే రెండున్నర లక్షలు మిగిలేవిగా’ అని అతను ఇప్పటికీ దెప్పుతుంటాడు. ‘‘నిజమే. ఆ పూట అది ఎవరికి తెలుసు?’’ అంటారు మాస్టారు.

స్ప్రెడ్ వేస్తే పోదనుకునేరు. 2024 అక్టోబర్ 3న నిఫ్టీ 547 పాయింట్లు పడినప్పుడు మాస్టారి స్ప్రెడ్ మొత్తం మునిగింది. ఆ పేజీలో ‘పోతే’ గడిలో రాసుకున్న 40,000 ఉన్నదున్నట్టు పోయాయి. ఐదారు వారాల సంపాదన. ఆవిడ ఆ అంకె చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి, పక్కనే ఆ రోజు పాలు లీటరున్నర అని రాసుకున్నారు.

అంతకు కొద్దిరోజుల ముందే సెబీ లెక్క ఒకటి పేపర్లలో వచ్చింది. మూడేళ్లలో ఫ్యూచర్లు, ఆప్షన్లు ఆడిన కోటి మందికి పైగా మామూలు మనుషుల్లో 93 శాతం నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లకు పైనే. మాస్టారు ఆ కత్తిరింపు పుస్తకంలోనే అంటించారు. 2024 నవంబర్ నుంచి నిబంధనలు బిగిశాయి. కాంట్రాక్టు సైజు పెంచడంతో నిఫ్టీ లాటు 25 నుంచి 75 అయింది. ఆయన పది లాట్ల నుంచి రెండు లాట్లకు దిగారు. కొన్ని వారాలైతే అసలు వేయరు. ‘‘తిరణాలకు వెళ్లినవాళ్లందరూ రంగులరాట్నం ఎక్కాలనేముంది?’’ అంటారు.

జూన్ 4 సాయంత్రం మాత్రం ఆ ఇంట్లో ఎవరూ సరిగా మాట్లాడుకోలేదు. వీధిలో ఊరేగింపు వెళ్తోంది. అత్తయ్య కాఫీ తెచ్చి అల్లుడి ముందు పెట్టి, ఫోన్ కూడా పక్కనే పెట్టారు.

‘‘ఆ పిల్లకు చెప్పావా?’’

‘‘హైదరాబాద్ వెళ్లాక చెబుతాలే అత్తయ్యా.’’

‘‘వెళ్లాక ఇంకో రెండు వారాల్లో రాబట్టి అప్పుడు చెబుదామనిపిస్తుంది. ఇప్పుడే చెయ్యి.’’

అతను ఫోన్ పట్టుకుని పెరట్లోకి వెళ్లాడు. అరగంట దాకా రాలేదు. వచ్చాక ఫోన్ అత్తయ్యకు ఇచ్చాడు. అవతలి అమ్మాయి ఏడ్చి ఏడ్చి ఊరుకున్న గొంతుతో అడిగింది, ‘‘పిన్నీ, మీరు బాబాయితో ఏదో పుస్తకం రాయిస్తారటగా. ఆ గీతలు ఎలా గీయాలి?’’

ఆవిడ చెప్పారు. ఆ వారమే హైదరాబాద్‌లో ఒక రెండొందల పేజీల నోటుబుక్కు కొన్నారు. మొదటి పేజీలో అతను ఇంకా ఏమీ రాయలేదు.