ముద్ద పెట్టే చేయి

పసిపిల్లల తిండి దగ్గర మొదలై ఆసుపత్రి దాకా వచ్చే కేసులు పిల్లల వైద్యులకు కొత్త కావు. ఏడాదిన్నర బాబుకు మూడు వారాలుగా దగ్గు, పిల్లికూతలు. రెండు రకాల యాంటీబయాటిక్‌లు అయ్యాయి, నెబ్యులైజర్ పెట్టారు, తగ్గలేదు. చివరికి బ్రాంకోస్కోపీ చేస్తే కుడి ఊపిరితిత్తిలోకి వెళ్ళే గొట్టంలో వేరుశనగ బద్ద దొరుకుతుంది. రెండేళ్ళ పాప తెల్లగా పాలిపోయి వస్తుంది; హిమోగ్లోబిన్ ఆరు దగ్గర ఉంటుంది; రోజుకు లీటరు పాలు తాగుతుంది, అన్నం ముట్టదు. ఎనిమిది నెలల బిడ్డకు నెల తిరక్కుండా రెండోసారి విరేచనాలు. మూడేళ్ళ పిల్లకు ఒంట్లో ఏ జబ్బూ లేదు, కానీ కంచం చూస్తే చాలు డోకు. పాఠ్యపుస్తకాల్లో ఇవి నాలుగు వేర్వేరు అధ్యాయాలు. అమ్మా నాన్నా ఇద్దరూ పనికి పోయే ఇళ్ళు పెరిగాక, ఇలాంటి పిల్లల్లో చాలామంది పగలంతా క్రెష్‌లోనో ప్లే స్కూల్లోనో అంగన్‌వాడీలోనో ఉంటున్నారు. అక్కడ ఏం పెడుతున్నారో చెప్పడానికి మెనూలున్నాయి, గోడ మీద చార్టులున్నాయి. ఎలా పెడుతున్నారని అడిగేవాళ్ళే తక్కువ. ఈ నాలుగు కేసుల మూలమూ చాలావరకు ఆ అడగని ప్రశ్నలోనే ఉందన్నది నా వాదన.

వేరుశనగ సంగతే ముందు చూద్దాం. పిల్లలకు కొరికే పళ్ళు ముందు వస్తాయి, నమిలే దవడపళ్ళు తరవాత. మొదటి దవడపళ్ళు ఏడాది దాటాక, రెండోవి రెండేళ్ళు, రెండున్నరేళ్ళ ప్రాంతంలో వస్తాయి. వచ్చినా, గట్టి పదార్థాన్ని పూర్తిగా నూరి మింగడం నాలుగేళ్ళకు గానీ బాగా పట్టుబడదు. ఏడాదిన్నర పిల్లవాడు గింజను ముందుపళ్ళతో రెండు చేసి, ఆ బద్దను నాలుక మీద దొర్లిస్తూ ఉంటాడు. అప్పుడే నవ్వినా, ఏడ్చినా, పరుగెత్తి పడినా, లోపలికి పీల్చే గాలితో పాటు అది శ్వాసనాళంలోకి జారుతుంది. కుడివైపు గొట్టం కాస్త వెడల్పుగా, నిటారుగా ఉంటుంది కనుక ఎక్కువసార్లు అటే పోతుంది. పిల్లవాడు ఒక్కసారి ఉక్కిరిబిక్కిరై దగ్గుతాడు, పొలమారిందని నెత్తిన తడతారు, దగ్గు సద్దుమణుగుతుంది, అందరూ మరచిపోతారు. బద్ద మాత్రం తడికి ఉబ్బుతుంది. దాని నూనెకు గొట్టం లోపలి పొర వాస్తుంది. గాలి లోపలికి పోతుంది గానీ సరిగా బయటికి రాదు. ఎక్స్‌రేలో గింజ కనిపించదు, ఒక్కోసారి ఎక్స్‌రే అంతా మామూలుగానే ఉంటుంది. అందుకే ఆస్తమా అనో న్యుమోనియా అనో వారాలు గడిచిపోతాయి. ఆ రోజు తింటూ ఉక్కిరిబిక్కిరయ్యాడన్న ఒక్క మాట చెబితే వైద్యుడికి దారి దొరుకుతుంది. తింటున్నప్పుడు పక్కన ఎవరూ కూర్చోని చోట ఆ మాట చెప్పేవాళ్ళు కూడా ఉండరు.

మేమంతా పల్లీలు బుక్కి పెరిగినవాళ్ళమే, ఏమైందని ఇంట్లో పెద్దలు అడుగుతారు. ఊపిరాడక పోయిన పిల్లలు ఆ మాటకు జవాబు చెప్పడానికి మిగలరు. పైగా నాయనమ్మో మేనత్తో ఒక్క పిల్లను ఒళ్ళో పెట్టుకుని తినిపించిన రోజులకూ, ఒక ఆయా చుట్టూ డజనుమంది చేరే గదికీ పోలిక లేదు. అలాగని వేరుశనగను నిషేధించమనడం కూడా తప్పే. మన పేదింటి పిల్లలకు చవకలో దొరికే మంచి మాంసకృత్తులు, కొవ్వు అందులో ఉన్నాయి. లండన్‌లో జరిపి 2015లో ప్రచురించిన లీప్ అధ్యయనంలో, ఎలర్జీ ముప్పు ఎక్కువగా ఉన్న పిల్లలకు ఏడాది లోపే వేరుశనగ అలవాటు చేస్తే, అయిదేళ్ళ వయసుకు ఆ ఎలర్జీ దాదాపు అయిదింట నాలుగు వంతులు తగ్గింది. అక్కడ వాళ్ళు పెట్టింది గింజలు కాదు, మెత్తగా చేసిన పదార్థాలు. అలాగే మనమూ వేయించి, మెత్తగా పొడి కొట్టి, అన్నంలోనో ఇడ్లీకో కలిపి పెడితే భయం లేదు. ద్రాక్షపండును నిలువునా నాలుగు ముక్కలు చేయాలి. క్యారెట్, యాపిల్ ఉడికించి మెత్తబరచాలి. సపోటా, సీతాఫలం గింజలు తీసి గుజ్జే పెట్టాలి. పుట్నాలు, బఠాణీలు, మిక్చర్, పాప్‌కార్న్, గట్టి చాక్లెట్లు, జెల్లీలు నాలుగైదేళ్ళ దాకా గదిలోకే రానివ్వకూడదు. పుట్టినరోజని ఎవరో పంచిపెట్టే చాక్లెట్లతో సహా.

గింజలన్నీ తీసేసినా అసలు ప్రమాదం పూర్తిగా పోదు. సాయంత్రం గేటు దగ్గర వినిపించే మాట గమనించండి. ‘ఆయమ్మా, బాబు బాక్సు ఖాళీ చేశాడా?’ ‘మొత్తం తినిపించేశానమ్మా!’ తల్లి ప్రేమతోనే అడుగుతుంది, ఆయా మెప్పు కోసమే చెబుతుంది. కానీ రోజూ అదే ప్రశ్న ఎదురయ్యే ఆయాకు బాక్సు ఖాళీ చేయడమే ఉద్యోగం అవుతుంది. పిల్లవాడు తల తిప్పుకుంటే గడ్డం పట్టుకుని తిప్పుతుంది. ఏడిస్తే నోరు తెరుచుకుంది కదా అని చెంచా పెడుతుంది. నోట్లో ముద్ద ఉండగానే ఇంకో ముద్ద. లేదంటే ఫోన్‌లో వీడియో పెట్టి, ఏం మింగుతున్నాడో వాడికే తెలియకుండా పెట్టేస్తుంది. ఏడుస్తున్న పిల్లవాడు వెక్కి వెక్కి ఊపిరి పీలుస్తాడు. ఆ ఊపిరితో మెత్తని పప్పన్నమైనా తప్పుదారి పట్టగలదు. అదే ఏడుపు రోజూ కంచం దగ్గర జరిగితే కంచమంటేనే కడుపులో తిప్పుతుంది. డోకుతో వచ్చే మూడేళ్ళ పిల్ల కేసు అదే. భద్రతా ఆరోగ్యమూ ఒకే చెంచా మీద చెడతాయి. ఏం పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో, ఎక్కడ కూర్చోబెట్టి పెట్టాలో పెద్దవాళ్ళు నిర్ణయించాలి. ఎంత తినాలో పిల్లవాడికే వదలాలి. నేటి శిశు పోషణ శాస్త్రం చెప్పే ముఖ్య సూత్రం ఇదే.

తినకపోతే ఎలా ఎదుగుతాడన్నది తల్లి భయం. ఇక్కడ ఒక లెక్క తెలిస్తే సగం భయం పోతుంది. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ మొదటి ఏడాదిలో తొమ్మిది కిలోలవుతుంది, అంటే ఆరు కిలోలు పెరుగుతుంది. రెండో ఏడాదిలో పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. పెరుగుదల నెమ్మదిస్తే ఆకలీ నెమ్మదిస్తుంది. సరిగ్గా క్రెష్‌లో చేర్చే వయసులోనే ఇది జరుగుతుంది కాబట్టి, అక్కడికి వెళ్ళాకే తినడం మానేశాడని తల్లికి అనిపిస్తుంది. పిల్లలు ఒక పూట తక్కువ, ఒక పూట ఎక్కువ తిని, రోజు మొత్తం మీద సర్దుకుంటారు. అమెరికాలో క్లారా డేవిస్ అనే వైద్యురాలు అప్పుడే తల్లిపాలు మాన్పించిన పిల్లల ముందు రకరకాల సహజ పదార్థాలు పెట్టి, ఎంచుకునే పని వాళ్ళకే వదిలేసింది. 1928 నుంచి ప్రచురించిన ఆ ఫలితాల్లో, ఒక్కో పూట తిండి చిత్రంగా ఉన్నా పిల్లలంతా బాగా ఎదిగారు. అయితే ఆ పళ్ళేల్లో చక్కెర లేదు, బిస్కెట్లు లేవు. ఎంపిక పిల్లలదే గానీ పళ్ళెం పెద్దవాళ్ళదే. క్రీమ్ బిస్కెట్లు, చిప్స్, కుర్‌కురేలు ముందు పెట్టి, పిల్లవాడి ఇష్టమనడం ఈ సూత్రానికి వక్రభాష్యం. కొత్త కూరను మొదటిసారి ఉమ్మేశాడని మానేయడం కూడా తొందరపాటే. పది పదిహేనుసార్లు రుచి చూశాక ఒప్పుకునే పిల్లలు చాలామంది.

ఇంతకన్నా బరువైన అభ్యంతరం ఒకటుంది. బొద్దుగా ఉన్న పట్నం పిల్లలకు ఈ మాటలు సరే, అంగన్‌వాడీలో ఆ ఒక్క పూటే కడుపునిండా తినే పిల్లల మాటేమిటి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అయిదేళ్ళ లోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివాళ్ళు తెలంగాణలో నూటికి 33 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 31 మంది. రక్తహీనత తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. ఇలాంటి చోట ఎంత తినాలో పిల్లవాడికే వదిలేయడం క్రూరం కాదా? కాదు. ఎందుకంటే లోటు ఎక్కువగా ఉన్నది పిల్లవాడి ఇష్టంలో కాదు, గిన్నెలో. పసివాడి పొట్టలో ఒక్కో కిలో బరువుకు సుమారు 30 గ్రాములు పడతాయి. ఎనిమిది కిలోల బిడ్డకు అది ఒక గ్లాసుకు మించదు. ఆ గ్లాసును పల్చటి రాగిజావతోనో చారన్నంతోనో నింపితే పొట్ట నిండుతుంది, ఒంటికి ఏమీ పట్టదు. ఆ తరవాత బలవంతం చేసినా వాంతి తప్ప ఏమీ రాదు. అదే జావను చిక్కగా కాచి, అన్నంలో ముద్దపప్పు, ఒక చెంచా నూనె లేదా నెయ్యి, మెదిపిన గుడ్డు కలిపితే అదే గ్లాసులో రెట్టింపు బలం ఉంటుంది. రెండు రాష్ట్రాల అంగన్‌వాడీల్లోనూ గుడ్డు ఇస్తున్నారు. అది పిల్లవాడి నోటికి అందేలా మెదిపి, ముద్ద చేసి పెట్టడం పెద్దవాళ్ళ బాధ్యత.

దీనికి మన నేల మీద దొరికిన రుజువే ఉంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఉమ్మడి రాష్ట్రంలోని నల్గొండ జిల్లాలో 60 గ్రామాల్లో, 600 మంది తల్లీబిడ్డలతో చేసిన అధ్యయనం 2013లో వెలువడింది. కొన్ని ఊళ్ళకు మామూలు సేవలే. కొన్నింటిలో ఏం పెట్టాలో సలహా. మరికొన్నింటిలో ఆ సలహాతో పాటు బిడ్డ సైగలు గమనిస్తూ తినిపించడం, ఆడించడం నేర్పారు. పదిహేను నెలల వయసుకు సలహా అందిన రెండు జట్ల పిల్లలూ మిగతావాళ్ళకన్నా మెరుగైన ఆహారం తీసుకుంటున్నారు. సైగలు గమనించి తినిపించిన జట్టులో పిల్లల మానసిక వికాసం కూడా మెరుగైంది. ఎత్తులో లాభం మాత్రం ఏం పెట్టాలో సలహా ఒక్కటే అందిన జట్టులోనే స్పష్టంగా కనిపించింది కాబట్టి, ఈ పద్ధతి ఒక్కటే అన్నీ సరిచేస్తుందని అనలేం. కానీ బలవంతం మానితే పిల్లలు తిండి తగ్గించేస్తారన్న భయం నిజం కాదని తేలింది. పైగా ఆకలి ఒక సమాచారం. తీవ్రమైన పోషణ లోపం ఉన్న పిల్లవాణ్ణి ఇంటి దగ్గరే చూడవచ్చా, ఆసుపత్రిలో చేర్చాలా అని తేల్చడానికి వైద్యులు చేసే పరీక్షల్లో ఆకలి పరీక్ష ఒకటి. ముక్కు మూసి మింగించే చోట ఆ హెచ్చరిక ఎవరికీ వినపడదు. నిన్నటిదాకా తిన్న పిల్ల రెండు రోజులుగా ముద్ద ముట్టకపోతే డాక్టరుకు చూపించాలి, గడ్డం పట్టుకోకూడదు.

పాల కేసుకు దారి కూడా తొందరే. అన్నం తినిపించడానికి అరగంట, సీసా ఇవ్వడానికి అయిదు నిమిషాలు. ఆవుపాలలో, గేదెపాలలో ఇనుము దాదాపు లేనట్టే. కడుపు నిండా పాలున్న పిల్లకు ఇనుమున్న తిండికి చోటుండదు. ఏడాది లోపు అవి ముఖ్య ఆహారం కాకూడదు; ఆ తరవాత రోజుకు అరలీటరు దాటకూడదు. సీసాతో మరో ముప్పు విరేచనాలు. పాలపీక మూలల్లో పేరుకునే జిడ్డును ఒక ఆయా పది సీసాలకు తీయలేదు. మన ఉగ్గుగిన్నె, లేదా మామూలు చిన్న గ్లాసు, చెంచా కడగడం సులువు, మరిగించడం సులువు. తల్లి పిండి ఇచ్చిన పాలు ఫ్రిజ్‌లో రోజంతా నిలవుంటాయి. 50 మంది లేదా అంతకన్నా ఎక్కువమంది పనిచేసే సంస్థలో క్రెష్ ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చనీ 2017 సవరణతో చట్టమే చెబుతోంది, అడిగి పుచ్చుకోవాలి. ఇక పొద్దున ఎనిమిదింటికి డబ్బాలో పెట్టిన అన్నం ఒంటిగంటకు, అదీ మే నెలలో తినిపించడం ఇంకో చిక్కు. వండినా చావని సూక్ష్మజీవుల బీజాలు గోరువెచ్చని అన్నంలో మొలిచి విషం చిమ్ముతాయి, ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. వండిన రెండు గంటల్లో తినిపించాలి, లేదా పొగలు కక్కే వేడిలో ఉంచే ఫ్లాస్కులో పంపాలి.

చివరిగా క్రెష్ నడిపేవాళ్ళ మాట: ఉన్నది ఇద్దరం, పిల్లలు పాతికమంది, ఒక్కొక్కరి మొహం చూస్తూ కూర్చుంటే తెల్లారినట్టే. ఇది సాకు కాదు, నిజమైన కష్టం. అందుకే చిన్నపిల్లల సంరక్షణపై వచ్చిన 2013 జాతీయ విధానం మూడేళ్ళ లోపు పదిమందికి ఒకరు ఉండాలంది. ఆ లెక్క తప్పిన చోట ఎంత మంచి మనసున్న ఆయా అయినా చేయగలిగింది కొంతే. అయితే బలవంతానికి పట్టే సమయం కూడా తక్కువేం కాదు. పిల్లలను గుండ్రంగా కూర్చోబెట్టి, చేతికి అందేలా చిన్న ముద్దలు పెట్టి, మధ్యలో ఒక పెద్దమనిషి కూర్చుని తానూ తింటే చాలామంది ఒకరిని చూసి ఒకరు తింటారు. అరగంటలో తినని పిల్ల కంచం గొడవ లేకుండా తీసేయాలి. రెండు గంటలాగి మళ్ళీ పెట్టాలి. ఒళ్ళంతా పూసుకుంటారు, నేల పాడవుతుంది. తుడుచుకోవడమే.

మీ బిడ్డను ఎక్కడైనా చేర్చే ముందు ఏసీ, బొమ్మలు, ఇంగ్లీషు పాటలు తరవాత చూడండి. ఒక మధ్యాహ్నం భోజనం వేళకు వెళ్ళండి. పిల్లలు కూర్చుని తింటున్నారో, పరుగెత్తుతూ తింటున్నారో చూడండి. తల తిప్పుకున్న పిల్ల నోటి దగ్గర చెంచా ఆగుతోందో లేదో చూడండి. గొంతుకు ఏదైనా అడ్డుపడితే ఏం చేస్తారని అడగండి. సరైన జవాబు ఇది: గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వాలి, దగ్గలేక, శబ్దం రాక నీలమవుతుంటే ఏడాది లోపు బిడ్డను ముంజేతి మీద తల కిందికి ఉండేలా బోర్లా పడుకోబెట్టి వీపు మీద అయిదు దెబ్బలు, వెల్లకిలా తిప్పి ఛాతీ మీద అయిదు నొక్కులు, ఏడాది దాటితే వీపు మీద అయిదు దెబ్బలు, పొట్ట పైభాగం మీద అయిదు నొక్కులు, కనపడని దాని కోసం నోట్లో వేలు పెట్టి కెలకకూడదు, ఒకరు ఈ పని చేస్తుంటే ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. ఈ జవాబు తెలిసినవాళ్ళు ఒక్కరైనా లేని చోట బిడ్డను వదలకండి.