కెంపు వేషంలో టూర్మలిన్

నలుపు తెలుపు సినిమాలో ఒక సుఖం ఉందండీ. 'పల్నాటి యుద్ధం'లో నాయకురాలు నాగమ్మగా 1947లో కన్నాంబ, 1966లో భానుమతి వేశారు. ఆమె మెడలో మెరిసేది కెంపా, పచ్చా, గాజుముక్కా అని హాల్లో ఎవరూ అడగరు. మెరిస్తే చాలు! ఇంట్లో నగల సంగతి అలా కాదు. మార్చడానికి తీసుకెళ్ళిన రోజున ఆ రాయి అసలు పేరు బయటపడాల్సిందే.

మా అమ్మకి ఎర్రరాళ్ళ పతకం ఒకటుంది. ఒక ఏడు మిరపకాయలమ్మిన డబ్బుతో మా నాన్న నరసరావుపేటలో ఎవరిదో పాత సొమ్ము కొన్నాడు. మాకది 'కెంపుల పతకం'. నాన్న పోయాక, చెల్లెలి పెళ్ళికి దాన్ని మార్చి హారం చేయిద్దామని ఒక కొట్టుకి తీసుకెళ్ళాం. ఆయన భూతద్దం పెట్టి చూసి, "ఇవి కెంపులు కాదమ్మా. రాళ్ళ బరువు తీసేసి బంగారానికే లెక్క కడతాం" అన్నాడు.

అమ్మ అక్కడ పలకలేదు. బస్సెక్కాక మెల్లగా అడిగింది: "అయితే మీ నాన్నను ఎవరో మోసం చేశారంటావేందిరా?"

బంగారం ధర కన్నా ఆ ప్రశ్నే నాకు బరువైంది. హైదరాబాదులో రత్నాలు పరీక్షించే చోట ఇస్తే కాగితం మీద పేరు రాసిచ్చారు. టూర్మలిన్!

ఇది గాజు కాదు సుమండీ, భూమిలో పుట్టిన రత్నమే. ఎరుపు, గులాబి, ఆకుపచ్చ, నలుపు... అన్ని రంగుల్లోనూ దొరుకుతుంది. ఒకే రాయిలో రెండు రంగులు కూడా ఉంటాయి. పేరు సింహళ భాష నుంచి వచ్చింది. వేడిచేస్తే బూడిదను లాక్కుంటుందని డచ్చివాళ్ళు దీన్ని 'బూడిద లాగే రాయి' అన్నారు. గట్టిదనంలో కెంపు 9 అయితే ఇది 7 నుంచి 7.5. ఒకే సైజు రాళ్ళు రెండు తూస్తే కెంపే బరువు తూగుతుంది.

మరి మోసమేనా? 1777లో స్వీడన్ రాజు మూడో గుస్టావ్, రష్యా రాణి కాథరిన్‌కి 'సీజర్ కెంపు' అనే పెద్ద రాయి కానుకిచ్చాడు. తర్వాత చూస్తే అదీ ఎర్ర టూర్మలినే! రాజులే పోల్చుకోలేని రాయిని మిరపకాయలమ్ముకొచ్చిన మనిషి ఎట్లా పోల్చుకుంటాడు? కోహినూరు దొరికిందని చెప్పుకునే కొల్లూరు మా పల్నాటిదే అయినా, రాళ్ళ విద్య అందరికీ వస్తుందా? అమ్మినవాడికైనా తెలుసో లేదో!

ఇదంతా చెబితే అమ్మ ఆ కాగితం మడిచి పతకంతోపాటు పెట్టెలో దాచింది. "పేరేదైతే ఏందిరా, మీ నాన్న తెచ్చింది నిజం రాయేగా. మార్చొద్దులే" అంది. చెల్లెలు ఆ పతకంతోనే పెళ్ళిపీటల మీద కూచుంది.

పాత నగలు కొనే, మార్చే కుర్రకారుకి నాలుగు మాటలు. రాయి పేరు, బరువు బిల్లులో రాయించుకోండి. అయిదు క్యారట్లు ఒక గ్రాము. టూర్మలిన్‌కి మంట తగిలితే చిట్లొచ్చు, రంగూ మారొచ్చు. కాబట్టి నగ కరిగించే ముందే రాళ్ళు ఊడదీయించండి. వేడినీళ్ళు పనికిరావు. వెనక రేకు వేసి మూసి కట్టిన నగైతే పొడిగుడ్డతో తుడిస్తే చాలు. ఇక రాళ్ళకి విలువ కట్టం అన్నారనుకోండి... సరే, కట్టొద్దు. కానీ ఆ రాళ్ళు మీవి. మొహమాటపడకుండా అడిగి, లెక్కపెట్టుకుని ఇంటికి తెచ్చుకోండి!