గురువు గుండె, శిష్యుడి మౌనం

1772లో లండన్ వైద్యుడు విలియం హెబర్డెన్‌కు సంతకం లేని ఉత్తరం ఒకటి వచ్చింది. అంతకు నాలుగేళ్ళ ముందు ఆయన అక్కడి వైద్యుల కళాశాలలో ఒక వ్యాసం చదివాడు. అది అచ్చయింది ఆ సంవత్సరమే. నడుస్తుండగా, ముఖ్యంగా భోజనం చేసి ఎత్తు ఎక్కుతుండగా, రొమ్ములో పట్టేసినట్టు నొప్పి వచ్చి, కదలకుండా నిలబడగానే తగ్గిపోయే ఒక జబ్బును గురించిన వ్యాసమది. దానికి ‘ఆంజైనా పెక్టోరిస్’ అని పేరు పెట్టినవాడు ఆయనే. కారణం తేల్చలేకపోయాడు గాని, లక్షణాలను ఎంత శ్రద్ధగా గమనించి రాశాడంటే, రెండున్నర శతాబ్దాల తరువాత చదివే వైద్యుడికి కూడా అందులో మార్చవలసినది పెద్దగా కనిపించదు.

ఉత్తరం రాసిన మనిషి ఆ వ్యాస సారాంశం చదివి, అది తన కథేనని గుర్తుపట్టాడు. వయసు యాభై దాటింది. ఒక్కొక్కసారి తన లోపల ప్రకృతి వ్యాపారమంతా మూడు నాలుగు క్షణాలు నిలిచిపోయినట్టు ఉంటుందనీ, ఆ వెంటనే గుండె దగ్గర చిన్న తాకిడి తెలుస్తుందనీ రాశాడు. తాను హఠాత్తుగా పోతే తన శరీరాన్ని కోసి చూసేందుకు ఏర్పాటు చేసి ఉంచుతానని కూడా రాశాడు. తనకు ఒరిగేదేమీ లేకపోయినా, తన వెనుక వచ్చే రోగులకు ఏమైనా తెలుస్తుందేమోనన్న ఆశ. మూడు వారాలు తిరగకుండానే ఆ మాట చెల్లించవలసి వచ్చింది.

కోసి చూసే పని జాన్ హంటర్ మీద పడింది. స్కాట్లండ్ పల్లెల నుంచి వచ్చి, సెయింట్ జార్జ్ ఆసుపత్రిలో శస్త్రవైద్యుడై, శరీరనిర్మాణం విషయంలో ఆ కాలపు ఇంగ్లండ్‌లో తనకు సాటి లేరనిపించుకున్నవాడు. వెండీ మూర్ 2005లో రాసిన ‘ది నైఫ్ మ్యాన్’ చదివినవారికి ఆయన వింత జీవితం, శవాల వేట, ఐరిష్ మహాకాయుడి అస్థిపంజరం కోసం నడిపిన తంతు గుర్తుంటాయి. అవన్నీ ఆసక్తికరమే, కాని ఆ జీవితమంతటిలో ఒక వైద్యుడి మనసులో ముల్లులా మిగిలిపోయేది వేరొక కథ. అది ఈ అనామకుడి శవం దగ్గర మొదలవుతుంది. ఆ రోజు హంటర్ పక్కన ఇరవై మూడేళ్ళ శిష్యుడొకడు ఉన్నాడు. గురువుగారి ఇంట్లోనే ఉండి చదువుకుంటున్న ఆ కుర్రవాడి పేరు ఎడ్వర్డ్ జెన్నర్. మశూచికి టీకా అందించిన జెన్నర్ ఇతడే.

గుండెలో మరణానికి తగిన లోపమేదీ హంటర్‌కు కనిపించలేదు. చాలా ఏళ్ళ తరువాత జెన్నర్ ఆ సంగతి తలచుకుంటూ ఒక మాట రాశాడు: ఆ రోజు గుండెకు రక్తం తెచ్చే ధమనులను మాత్రం పరీక్షించలేదని దాదాపు నిశ్చయంగా చెప్పగలనని.

ఇది అజాగ్రత్త అనుకుంటే పొరపాటు. కరొనరీ ధమనులు ఉన్నాయని అందరికీ తెలుసు. తెలియనిది వాటి మీద గుండె ఎంతగా ఆధారపడి ఉందన్నది. గుండె నిండా రక్తమే గదా, దానికి రక్తం కరువేమిటి అనుకోవడం సహజం. విలియం హార్వే 1628లో రక్తప్రసరణను నిరూపించిన తరువాత గుండె అంటే తోడిపోసే యంత్రం అన్న భావన స్థిరపడింది. యంత్రానికి మాత్రం ఆకలి ఉంటుందని ఎవరికి తోస్తుంది?

పెళ్ళి పందిరిలో వడ్డించేవాణ్ణి తలచుకుంటే సంగతి తేలికగా అర్థమవుతుంది. చేతిలో గోకర్ణం నిండా పప్పు ఉన్నా, దానితో అతడి కడుపు నిండదు. అతడికీ ఒక విస్తరి వేయవలసిందే. గుండె గదుల గుండా పారే రక్తం వాటి లోపలి పొరను తడిపి పోతుందే తప్ప, ఆ మందమైన కండరానికి తిండి పెట్టదు. గుండె నుంచి బయలుదేరిన బృహద్ధమని మొదట్లోనే, కవాటానికి కాస్త పైన, రెండు సన్నని ధమనులు చీలి, వెనక్కి తిరిగి గుండెను పెనవేసుకొని దాని కండరంలోకి కొమ్మలు వేస్తాయి. గుండె తిండి అంతా ఆ రెంటి ద్వారానే. నిమిషానికి సుమారు 70 సార్లు, రోజుకు సుమారు లక్ష సార్లు కొట్టుకుంటూ, నిమిషానికి దరిదాపు 5 లీటర్ల రక్తాన్ని ఒళ్ళంతా పంపే గుండె, విశ్రాంతిగా ఉన్నప్పుడు తనకోసం ఉంచుకునేది అందులో ఇరవయ్యో వంతు.

వడ్డించేవాడి పోలిక ఇంకొంత దూరం నడుస్తుంది. చేతిలో గరిట ఆడుతున్నంతసేపూ అతడు ముద్ద ఎత్తలేడు. గుండె బిగుసుకున్నప్పుడు ఎడమ జఠరిక గోడలోని రక్తనాళాలు ఆ బిగువుకే నొక్కుకుపోతాయి. అక్కడికి రక్తం చేరేది ఎక్కువగా గుండె సడలినప్పుడే, అంటే ఒక దెబ్బకూ మరొక దెబ్బకూ నడుమ ఉండే విరామంలో. గుండె వేగం పెరిగేకొద్దీ ముందుగా కుదించుకుపోయేది ఆ విరామమే. ఎక్కువ పని చేయవలసి వచ్చినప్పుడు తినే సమయం తగ్గిపోతుందన్నమాట. పైగా తక్కిన కండరాలు తమకు వచ్చిన రక్తంలోని ప్రాణవాయువులో కొంతే వాడుకొని మిగతాది వదిలేస్తాయి. అవసరం వస్తే మరికొంత తీసుకునే వీలుంటుంది. గుండె ఊరక ఉన్నప్పుడే మూడు వంతులకు దగ్గరగా తీసేసుకుంటుంది. దానికి మిగులు లేదు. పని పెరిగితే నాళాలు విప్పారి ఎక్కువ రక్తం రావాలి, అంతే. ఆ నాళాల గోడల్లో కొవ్వు పేరుకొని, సున్నం పట్టి, దారి ఇరుకైనప్పుడు ఏమవుతుంది? కూర్చున్నంతసేపూ ఏమీ తెలియదు. మెట్లెక్కితే నొప్పి వస్తుంది, ఆగితే పోతుంది. హెబర్డెన్ రాసిన లక్షణమంతా ఆ లెక్కలో ఉంది. పేరుకున్న కొవ్వు మీది పొర ఒకనాడు చిట్లి, అక్కడ రక్తం గడ్డకట్టి దారి పూర్తిగా మూసుకుపోతే అది గుండెపోటు. దానికి మెట్లు ఎక్కనక్కర లేదు.

శవపరీక్ష జరిగిన మరుసటి సంవత్సరమే, 1773 వసంతంలో, హంటర్‌కు ఒక ఉదయం హఠాత్తుగా నొప్పి వచ్చింది. రొమ్ములో కాదు, కడుపులో. అద్దంలో చూసుకుంటే ముఖం ప్రేతకళ పడి ఉంది. చేయి పట్టి చూసుకుంటే నాడి దొరకలేదు. ఊపిరి ఆడడం లేదేమోనని అనుమానం వచ్చి, కావాలని శ్వాస తీస్తూ కూర్చున్నాడు. ముప్పావు గంట! అంతసేపూ తన శరీరాన్ని మరొకరి శరీరాన్ని చూసినట్టే చూసుకోవడం ఆయనకే చెల్లింది. పుచ్చుకున్న మందులు బ్రాందీ, అల్లం, అటువంటి వేడి చేసే పదార్థాలు.

తెలుగు ఇళ్ళలో అదే నొప్పికి అల్లంతోబాటు వాము, సోడా కూడా చేరతాయి. ‘గ్యాస్ పట్టేసింది’ అన్న ఒక్క మాట ఎన్ని ప్రాణాలను తీసుకుపోయిందో లెక్క కట్టినవారు లేరు. అయితే ఆ మాట అన్నవారిని తప్పు పట్టడం న్యాయం కాదు. గుండె నుంచి వెళ్ళే నొప్పి తంతులు వెన్నుపాములో చేయి, మెడ, దవడ, పొట్ట పైభాగాల నుంచి వచ్చే తంతులతో కలిసిపోతాయి. మెదడుకు వార్త అందుతుంది గాని చిరునామా తప్పుగా అందుతుంది. గుండె అడుగుభాగం విభాజకం మీదనే ఆనుకొని ఉంటుంది కనుక, అక్కడి దెబ్బ కడుపు నొప్పిగానో వాంతిగానో తెలియడం మరీ మామూలు. ఇంగ్లండ్ దేశపు శరీరశాస్త్ర నిపుణుడికే కడుపులో తెలిసిన నొప్పి, ఏలూరులో ఉన్న మేష్టారికి మరోచోట ఎందుకు తెలియాలి?

ఈలోగా జెన్నర్ చదువు ముగించి, గ్లాస్టర్‌షైర్‌లోని బర్క్‌లీ అనే సొంత ఊరిలో వైద్యం చేసుకుంటున్నాడు. ఆంజైనాతో పోయిన ఒక రోగి గుండెను అతడు ఒకనాడు పరీక్షించాడు. అన్ని భాగాలూ చూశాడు, ఏమీ కనిపించలేదు. చివరకు గుండె పైభాగం దగ్గర అడ్డంగా కోస్తుంటే, కత్తికి గట్టిగా, ఇసుకలాగా ఏదో తగిలి అంచు నొక్కుపోయింది. జెన్నర్ తలెత్తి పైకప్పు వైపు చూశాడు. పాత ఇల్లు, పెచ్చులూడుతున్న కప్పు. సున్నం ముక్క రాలి పడిందనుకున్నాడు. మళ్ళీ వంగి చూస్తే, ఆ గట్టితనం గుండెలోదే. కరొనరీ ధమనులు ఎముక గొట్టాలై ఉన్నాయి.

వైద్యచరిత్రలో ఇంతకన్న పెద్ద ఆవిష్కరణలు చాలా ఉన్నాయి. కాని ఈ తలెత్తి చూడడంలో ఉన్న నిజాయితీ అరుదు. తన అజ్ఞానాన్ని దాచుకోకుండా, పైకప్పును అనుమానించానని అతడే రాసుకున్నాడు.

అటు తరువాత మరొక మిత్రుడు చూసిన రోగి గుండెలోనూ ఆ ధమనులలోనే దోషం కనిపించింది. అనుమానం బలపడింది. సరిగ్గా ఆ రోజుల్లోనే హంటర్‌లో ఆంజైనా లక్షణాలు స్పష్టమవుతున్నాయి. 1777లో ఆయన ఆరోగ్యం కోసం బాత్ నగరానికి వెళ్ళినప్పుడు జెన్నర్ చూశాడు, చూడగానే తెలిసిపోయింది. శిష్యుడికి జబ్బు తెలుసు, దాని చోటు తెలుసు, దాని ముగింపు తెలుసు. ఇక ఎవరికి చెప్పాలి? హెబర్డెన్‌కు ఒక ఉత్తరం రాస్తూ తన భయం బయటపెట్టాడు: ఇదే కారణమని హంటర్ ఒప్పుకుంటే, కోలుకుంటానన్న ఆశ ఆయనకు మిగలదేమోనని. తన అభిప్రాయాన్ని ప్రచురించడం కూడా మానుకున్నాడు. ప్రచురిస్తే గురువుతో ఆ సంభాషణ తప్పదు గదా! ఒక ఆదివారం రాత్రి హంటర్ ఇంట్లోనే జరిగిన గోష్ఠిలో ఇద్దరు వైద్యమిత్రులతో మాత్రం అన్నాడు. వారిలో ఒకడు ఎవరార్డ్ హోమ్, హంటర్‌కు స్వయానా బావమరిది. ఇద్దరూ ఆ మాటను పెద్దగా పట్టించుకోలేదు.

ఏదైనా అనుమానం వస్తే ఊహిస్తూ కూర్చోకుండా పరీక్షించి చూడమని జెన్నర్‌కు నేర్పినవాడు హంటరే. ఆ శిష్యుడు పరీక్షించి చూశాడు. తేలినది గురువుకు చెప్పలేకపోయాడు.

జెన్నర్ మౌనం తప్పా? ఆ కాలానికి తప్పనలేము. నాలుక కింద పెట్టే మాత్ర జాతికి మూలమైన ఆమిల్ నైట్రైట్‌ను లాడర్ బ్రంటన్ వాడి చూసింది 1867లో. కరొనరీ ధమనులను బతికున్న మనిషిలో విడిగా చూడగలగడం 1958లో మేసన్ సోన్స్‌తో మొదలైంది; ఇరుకైన చోటును బెలూన్‌తో వెడల్పు చేయడం 1977లో, జ్యూరిచ్‌లో, గ్రూంట్జిగ్ చేతుల మీదుగా. జెన్నర్ చేతిలో వీటిలో ఒక్కటీ లేదు. చెబితే పోయేది ఆశ, వచ్చేది శూన్యం.

మన ఇళ్ళలో ఆ మౌనం ఇప్పటికీ ఉంది. ‘నాన్నగారికి చెప్పకండి, బెంగ పెట్టుకుంటారు’ అని గది బయట నిలబెట్టి వైద్యుణ్ణి బతిమాలే కొడుకు ఒకవైపు. ‘అబ్బాయికి ఫోన్ చేయకండి, పరాయి దేశంలో కంగారు పడతాడు’ అని, స్టెంటు వేయించుకొని ఇంటికి వచ్చి వారం గడిచాక ఆ సంగతి మాటల్లో జారవిడిచే తండ్రి మరొకవైపు. రెండింటిలోనూ ఉన్నది ప్రేమే. కాని జెన్నర్‌కు ఉన్న సాకు వీరికి లేదు. మూసుకుపోయిన నాళం వెనుక కండరం అరగంట లోపలే చావడం మొదలవుతుంది. గంటలలో నష్టం చాలావరకు పూర్తవుతుంది. ఆ మొదటి గంటలలో ఆసుపత్రికి చేరడానికి, రోగికి తన జబ్బు పేరు ముందే తెలిసి ఉండడం కన్న పెద్ద సహాయం లేదు. తెలియనివాడు వాము నములుతూ కూర్చుంటాడు.

తన నొప్పి దేనికి వస్తుందో హంటర్ అనుభవంతోనే గ్రహించాడు. కోపానికి వచ్చేది. తనను రెచ్చగొట్టగల ఏ దుర్మార్గుడి చేతిలోనైనా తన ప్రాణం ఉందని ఆయన అనేవాడట. ఆ మాటను చమత్కారంగా ఉటంకిస్తారు గాని, అందులో శరీరశాస్త్రం నిక్షేపంలా ఉంది. కోపంలో అడ్రినలిన్ పొంగుతుంది. గుండె వేగమూ రక్తపోటూ ఒక్కసారిగా పెరుగుతాయి. పని రెట్టింపవుతుంది, విరామం సగమవుతుంది. ఎముక గొట్టాలు విప్పారలేవు. తెలుగులో కోపానికి ‘గుండె మండింది’ అంటాము. అటువంటి వాడికి అది అలంకారం కాదు.

1793 అక్టోబరు 16న సెయింట్ జార్జ్ ఆసుపత్రి పాలకవర్గం సమావేశం. కొత్త నియమం తెలియక స్కాట్లండ్ నుంచి వచ్చిన ఇద్దరు యువకులను విద్యార్థులుగా చేర్చుకోవాలన్నది చర్చ. తానూ అలా వచ్చినవాడే కనుక హంటర్ వారి పక్షాన మాట్లాడాడు. ఎవరో అడ్డు తగిలి ఆయన మాటను ఖండించారు. హంటర్ మాట ఆపేశాడు. కోపాన్ని దిగమింగుకుంటూ పక్క గదిలోకి నడిచాడు. అక్కడ ఒక్క మూలుగు మూలిగి, దగ్గరున్న వైద్యుడి చేతుల్లో పడిపోయాడు. వయసు 65.

ఈసారి శవపరీక్ష బావమరిది హోమ్ సమక్షంలో జరిగింది. ఈసారి ఆ ధమనులను చూశారు. అవి చాలావరకు ఎముకగా మారి ఉన్నాయి. హోమ్ బర్క్‌లీకి ఉత్తరం రాశాడు: మీరు నాతో అన్న సంగతి, హంటర్ దగ్గర ఎత్తడానికి ఎప్పుడూ భయపడిన సంగతి, ఆయన జబ్బులో నిజంగానే ఉండడం విచిత్రం అని.

ఆ ఉత్తరం చదివి జెన్నర్ ఏమనుకున్నాడో రాసుకోలేదు. 1799లో అతడి మిత్రుడు కేలబ్ పారీ ఆంజైనా మీద ఒక పుస్తకం వెలువరించినప్పుడు, 1772 నాటి శవపరీక్ష, పైకప్పు సున్నం, ఆదివారం రాత్రి మాటలు అన్నీ జెన్నర్ లేఖగా అందులో అచ్చయ్యాయి. అప్పటికి గురువు పోయి ఆరేళ్ళు.