పలమనేరులో కూనూరు పువ్వు

పలమనేరు వాళ్ళకు తమ ఊరి చల్లదనం గురించి కాస్త గర్వం ఉంది. చిత్తూరులో చెమటలు కక్కుతూ బస్సెక్కినవాళ్ళు మొగిలి ఘాటు దాటగానే కిటికీ పక్కన సీటు కోసం చూస్తారని చెప్పుకుంటాం. మా ఊరు సముద్రమట్టానికి సుమారు 2,200 అడుగుల ఎత్తున ఉంది. నీలగిరి కొండలకు దారి పడకముందు మద్రాసు తెల్లదొరలు ఎండాకాలంలో ఇక్కడికి వచ్చి సేదతీరేవాళ్ళట. ‘పేదవాడి ఊటీ’ అని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు. (హార్స్‌లీ హిల్స్‌ను చూపించి ఊటీ పేరు తమదేనంటారు మదనపల్లె వాళ్ళు. ఆ తగవు ఇక్కడొద్దు.)

ఆ గర్వానికి మా ఇంట్లో ఒక మొక్క దాదాపు పదేళ్ళు పరీక్ష పెట్టింది. దాని పేరు సింబిడియం. ఆర్కిడ్ జాతి. పెళ్ళిళ్ళ వేదికల మీద, బొకేల్లో ఆర్కిడ్లను మీరు చూసే ఉంటారు. అవి ఎక్కువగా డెండ్రోబియం రకాలు, వేడికి ఓర్చుకునేవి. ఆర్కిడ్లన్నీ ఒకటి కావు. పెంచేవాళ్ళు వాటిని రాత్రి చలిని బట్టి మూడు వర్గాలు చేస్తారు. రాత్రి 18 డిగ్రీలకు తగ్గకుండా ఉంటే సుఖపడేవి కొన్ని, 14 నుంచి 17 దాకా కోరేవి కొన్ని, పది పన్నెండు డిగ్రీల చలి తగిలితే గానీ కదలనివి కొన్ని. పెద్ద పువ్వుల సింబిడియాలు ఈ మూడో వర్గానివి. వీటి పూర్వీకులు హిమాలయాల వాలుల్లో పుట్టినవి. సిక్కిం, కాలింపాంగ్, అరుణాచల్ వైపు రైతులు వీటిని పూలకోసం సాగుచేస్తారు.

మా మొక్క వచ్చింది మాత్రం కూనూరు నుంచి. మా బావ అక్కడ తేయాకు తోటలో పనిచేసేవాడు. ఇంటి ముందు అక్క వరుసగా పెట్టుకున్న తొట్లలో లేత గులాబీరంగు రేకులు, మధ్యలో ఎర్రచుక్కల పెదవి ఉన్న పువ్వులు మాఘమాసమంతా ఉండేవి. ఒక్కో పువ్వు ఆరేడు వారాలు వాడదు. 2012 మేలో నేను అక్కడికి పోయినప్పుడు అక్క ఒక తొట్టి బోర్లించి, రొట్టె విరిచినట్టు విరిచి, నాలుగు గడ్డలు నా చేతిలో పెట్టింది. గడ్డలంటే నేలలో ఉండేవి కావు, ఆకుల మొదట్లో పైకే కనబడే ఎర్రగడ్డల్లాంటి ఉబ్బులు. మొక్క నీళ్ళూ ఆహారమూ దాచుకునే కొట్లు అవే. ఒక గడ్డ సాధారణంగా ఒక్కసారే పూస్తుంది. తర్వాత ఆకులు రాలి బోసిపోతుంది. అట్లని పనికిరానిదైపోదు. పక్కన పుట్టిన పిల్లగడ్డలకు ఏళ్ళతరబడి తిండి పెడుతూనే ఉంటుంది.

“మీ ఊరూ చల్లగానే ఉంటుంది కదమ్మే, పూస్తుంది పో” అంది అక్క.

పెరిగింది. ఏడాదికి రెండు కొత్త పిలకలు వేసింది. పూయలేదు. 2013 పోయింది, 2014 పోయింది. ఫోన్లో అక్క అడిగే మొదటి మాట పిల్లల గురించి, రెండో మాట మొక్క గురించి. “ఆకులు ఏ రంగులో ఉండాయి?” అనేది. ముదురు పచ్చగా నవనవలాడుతున్నాయని చెబితే సంతోషించేది కాదు. సింబిడియం ఆకు ముదురుపచ్చగా ఉందంటే వెలుతురు చాల్లేదని అర్థం. కొంచెం పసుపు కలిసిన లేతపచ్చగా ఉండాలి. అందుకని వసారాలోంచి మిద్దెమీదికి మార్చి, సగం ఎండను ఆపే పచ్చవల కట్టించాం.

ఆ తర్వాత నీళ్ళ గొడవ మొదలైంది. మా వైపు బోరు నీళ్ళ సంగతి కొత్తగా చెప్పాలా! లోతుకు పోయేకొద్దీ నీళ్ళు తగ్గుతాయి, ఉప్పు పెరుగుతుంది. కాచిన గిన్నెకు తెల్లటి పొర కడుతుంది. అడవిలో చెట్టుకొమ్మ మీద, బండమీద కూర్చుని వాననీటితో బతికే జాతికి ఈ ఉప్పు పడదు. ఆర్కిడ్ వేరు మామూలు వేరు కాదు. దాని చుట్టూ తెల్లటి స్పాంజి లాంటి తొడుగు ఉంటుంది. వాన కురవగానే నీటిని పీల్చి పట్టుకోవడానికి ప్రకృతి చేసిన ఏర్పాటు అది. ఉప్పునీళ్ళు పోస్తే ఆ స్పాంజిలో ఉప్పే పేరుకుంటుంది. ముందు ఆకుల కొసలు నల్లబడతాయి, తర్వాత వేళ్ళు కుళ్ళుతాయి.

2015 నవంబరులో వానలు దంచికొట్టాయి. ఆ వాననీళ్ళు రెండు డ్రమ్ముల్లో పట్టి మూతలు పెట్టాను. మరుసటి ఏడు ఈశాన్య రుతుపవనాలు మొహం చాటేశాయి. 2017 వేసవికి మా వీధిలో బోర్లు ఒక్కొక్కటే ఆగిపోతుంటే, ట్యాంకరు వచ్చినప్పుడు బిందెల వరుస చూసి మా అత్త అడిగింది: “మనుషులకే నీళ్ళు లేవంటే, పువ్వుకి వాననీళ్ళు దాచిపెడతావేమ్మే?”

అది ఉత్త సణుగుడు కాదు. ఆమె చిన్నప్పుడు కరువులో చెలమ తోడి నీళ్ళు మోసిన మనిషి. ఆమెకు నోటితో కాకుండా లెక్కతో జవాబు చెప్పాలనిపించింది. మొక్కకు రోజు విడిచి రోజు ఒక లీటరు. అంటే నెలకు 15 లీటర్లు. రెండు వందల లీటర్ల డ్రమ్ము ఒక మొక్కకు ఏడాదికి సరిపోతుంది. తొట్టి కింద పళ్ళెం పెట్టి, కారిన నీటిని కరివేపాకు చెట్టుకు పోస్తే అదీ వృథా కాదు. ఇక మిద్దె లెక్క: పది చదరపు మీటర్ల మిద్దెమీద ఒక సెంటీమీటరు వాన పడితే వంద లీటర్లు. ఒక్క మంచి వానకు డ్రమ్ము నిండుతుంది. అత్త ఈ లెక్కంతా విని ఏమీ అనలేదు. ఆ పైవారం రెండో డ్రమ్ములోని నీళ్ళు పప్పు ఉడకడానికి వాడటం మొదలుపెట్టింది. వాననీళ్ళలో కందిపప్పు వెన్నలా ఉడుకుతుందని వీధంతా చెప్పింది కూడా. అప్పటినుంచి మా ఇంట్లో వాననీళ్ళు పట్టే పని నాది కాదు, ఆమెది.

ఆ ఏడే, శ్రావణంలో, అక్క పోయింది. ఆమె పోయినాక కూనూరులో ఇల్లు ఖాళీచేసి బావ పిల్లల దగ్గరికి వెళ్ళిపోయాడు. తొట్లు ఎవరెవరికి పోయాయో తెలియదు. ఆమె చేతి మొక్కల్లో మాకు తెలిసి మిగిలింది మా మిద్దెమీది తొట్టి ఒక్కటే. అంతవరకు అది ఒక సరదా. ఆ తర్వాత సరదా అనలేను.

పూలు రాకపోవడానికి అసలు కారణం నీళ్ళు కాదు, రాత్రులు. సింబిడియం పూలకాడ వేయాలంటే కొన్ని వారాలపాటు పగటికీ రాత్రికీ పది డిగ్రీల తేడా ఉండాలి, రాత్రి 14, 15 డిగ్రీలకు దిగాలి. ఆరువేల అడుగుల ఎత్తున్న కూనూరులో సెప్టెంబరు, అక్టోబరు నాటికే ఆ చలి వస్తుంది. మాకు కార్తీకం వెళ్ళేదాకా రాదు. వచ్చినా ఎన్నాళ్ళు ఉంటుందో చెప్పలేం.

ఈ విషయంలో ఇంగ్లండు వాళ్ళ అనుభవం చదివితే నవ్వూ జాలీ రెండూ కలుగుతాయి. వాళ్ళది మనకు సరిగ్గా తిరగేసిన తప్పు. పంతొమ్మిదో శతాబ్దంలో ఆర్కిడ్ల పిచ్చి పట్టినప్పుడు, ఉష్ణదేశాల మొక్కలన్నింటికీ వేడే కావాలనుకుని, బొగ్గు పొయ్యిలతో ఉడికించే గాజు ఇళ్ళల్లో పెట్టి చంపుకున్నారు. అవి మంచు మేఘాల్లో తడిసే కొండజాతులని తెలుసుకునేసరికి వేల మొక్కలు పోయాయి. దారిలో పోయినవి వేరే లెక్క. జోసెఫ్ హూకర్ అనే వృక్షశాస్త్రవేత్త 1850లో ఖాసీ కొండల్లో నీలం వాండా మొక్కలు ఏడుగురు మోసేంత సేకరించి లండన్‌కు పంపితే, బతికి చేరినవి కొన్నే.

మన చేతిలో గాజు ఇల్లూ లేదు, చలిని తెచ్చే యంత్రమూ లేదు. ఉన్నది మట్టి. పలమనేరు మట్టిబొమ్మలకు పేరున్న ఊరు. మాకు తెలిసిన కుమ్మరాయనతో చుట్టూ బొక్కలున్న కుండ చేయమన్నాను. “ఇన్ని బొక్కలు పెడితే నీళ్ళు యాడ నిలుస్తాయమ్మా?” అన్నాడు. నిలవకూడదనేనన్నా అంటే నమ్మకం లేకుండానే చేసిచ్చాడు. అందులో మట్టి వేయలేదు. కొబ్బరి పీచు ముక్కలు నానబెట్టి కడిగి, కర్రబొగ్గు, పెంకు ముక్కలు కలిపి నింపాను. ఆ కుండను ఇంకో పెద్ద కుండలో పెట్టి మధ్య సందులో ఇసుక పోసి తడిపాను. మట్టికుండలో మంచినీళ్ళు ఎందుకు చల్లబడతాయో ఇదీ అందుకే. తడి ఆరుతూ వేడిని లాక్కుపోతుంది. కార్తీకం నుంచి సాయంత్రం కాగానే వల తీసేసి, మొక్కను ఆకాశం కింద పెట్టేదాన్ని. పైన కప్పు లేకపోతే రాత్రి చల్లదనం బాగా దిగుతుంది. వసారాలో వేలాడదీసిన థర్మామీటరుకూ మిద్దెమీది దానికీ తెల్లవారుజామున రెండు డిగ్రీల తేడా చూశాను.

2021 నవంబరులో మళ్ళీ వానలు. చిత్తూరు, తిరుపతి వైపు వరదలకు చాలామంది నష్టపోయారు, ఆ ఏడాదిని మంచి ఏడాది అనడానికి నోరు రాదు. కానీ మొక్క మటుకు రోజులతరబడి చల్లని వాననీళ్ళలో తడిసింది. ఆ వెనకే గట్టి చలి వచ్చింది. డిసెంబరు నడిమికి కొత్త గడ్డ పక్కన వేలెడు మొలక. ఆకు మొలకైతే బల్లపరుపుగా ఉండి కొస చీలుతుంది. పూలకాడ పెన్సిల్‌లా గుండ్రంగా ఉంటుంది. వారం రోజులు రోజూ తడిమి చూశాను. గుండ్రంగానే ఉంది.

ఇక మిగిలింది ఎండతో పందెం. కాడ వచ్చాక పూలు విచ్చుకోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ఆలోగా వేడి ఎక్కువైతే మొగ్గలు పండుబారి రాలిపోతాయి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని సామెత. ఆ ఏడు శివరాత్రి మార్చి 1. సంక్రాంతికి 11 మొగ్గలు లెక్కపెట్టాను. ఫిబ్రవరి మొదట్లో మూడు రాలాయి. మధ్యాహ్నాలు వసారాలో ఉత్తరపు గోడకు చేర్చి, నేలంతా తడిపేవాళ్ళం. ఆ తడిపే పని కూడా అత్త లాగేసుకుంది. శివరాత్రికి నాలుగు రోజుల ముందు మొదటిది విచ్చుకుంది. మొత్తం ఎనిమిది.

లేత గులాబీ రేకులు, ఎర్రచుక్కల పెదవి. అక్క ఇంటి ముందు చూసిన పువ్వే. అలాంటి పువ్వు అనడం లేదు. గడ్డ విరిచి పెంచిన మొక్క పిల్లమొక్క కాదు, ఆ పాత మొక్కే ఇంకోచోట పెరగడం. జార్జ్ మోరెల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1960లో సింబిడియం మొలక కొసలోని కాస్త కణజాలంతో వందల మొక్కలు చేయవచ్చని చూపించాడు. నేడు నర్సరీల్లో దొరికే ఆర్కిడ్లు చాలావరకు అలాంటి పద్ధతిలో వచ్చినవే. సరకు చవకైంది, అడవికి కొంత ఊరట దొరికింది. బావకు ఫొటో పంపితే చాలాసేపటికి ఫోన్ చేసి, పువ్వు మాట ఎత్తకుండా, నీళ్ళు సరిపోతున్నాయా అని అడిగాడు.

చూసిపోయినవాళ్ళందరూ మాకూ కావాలంటారు. వాళ్ళకు నేను సింబిడియం చెప్పను. మన ఎండలకు డెండ్రోబియంతో మొదలుపెట్టండి. కాస్త చేయి తిరిగాక వాండా తెచ్చుకోండి. సింబిడియమే కావాలనుకుంటే వేడికి ఓర్చే సంకరరకాలు అడగండి. మన తూర్పు కనుమల్లోనూ కలబంద లాంటి మందపాటి ఆకుల సింబిడియం ఒకటి పుడుతుంది. ఎండాకాలంలో దండల్లా వేలాడే పూలు పూస్తుంది. అయితే అడవిలో చెట్టునుంచి పీకి ఘాటురోడ్ల పక్కన అమ్మే మొక్కలు మాత్రం కొనకండి. ఒకటి చట్టం ఒప్పదు, రెండు అవి బతకవు. మన చింతచెట్లమీద, మామిడిచెట్లమీద వాండా కనబడితే బదనిక అని కొట్టేసేవాళ్ళూ ఉన్నారు. పాపం, అది చెట్టు రసం తాగదు. కొమ్మమీద కూర్చుంటుంది, అంతే. చల్లటి జాతులు చూడాలనుంటే ఏర్కాడులో బొటానికల్ సర్వే వారి ఆర్కిడ్ తోట ఉంది.

2024 మార్చిలో తొట్టి నిండిపోతే బోర్లించి విరిచాను. మూడు గడ్డలకు తక్కువ చేస్తే మొక్క నీరసించి ఏళ్ళతరబడి పూయదు. ఒక ముక్క నాకు, ఒక ముక్క బెంగళూరులో ఉండే అక్క కూతురికి. విరిచినాక కుదురుకోవడానికి ఒకటి రెండేళ్ళు పడుతుందని ముందే చెప్పాను. అయినా వినదు. మొన్న పొద్దున్నే ఫొటో పంపి, “చిన్నమ్మా, కాడ వచ్చినట్టుంది చూడు” అంది.

పెద్దది చేసి చూశాను. కొస చీలి ఉంది. ఆకే, ఇంకో ఏడు ఆగు అన్నాను.