ఎదుటివాడి కళ్ళలో పడని వెలుగు

అక్టోబరు చివరి ఆదివారం తెల్లవారుజామున ఇంగ్లండులో గడియారాలను ఒక గంట వెనక్కి తిప్పుతారు. ఆ మర్నాటి నుంచి మా ఉత్తరాదిలో రాకపోకలన్నీ హెడ్‌లైట్ల వెలుగులోనే. డిసెంబరు మధ్యకొచ్చేసరికి హడర్స్‌ఫీల్డ్‌లో పొద్దున ఎనిమిది దాటాక గానీ సూర్యుడు రాడు, మధ్యాహ్నం నాలుగు కాకముందే వెళ్ళిపోతాడు. ఆస్పత్రిలో పగటి డ్యూటీ చేసేవాళ్ళం చీకట్లో బయల్దేరి చీకట్లో ఇల్లు చేరతాం.

నా దారి పెనైన్ కొండల మీదుగా పోతుంది. ఎం62 మోటార్‌వే అక్కడ 372 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. బ్రిటన్‌లో అంత ఎత్తున పోయే మోటార్‌వే మరొకటి లేదు. మబ్బు కిందికి దిగిందంటే రోడ్డు మబ్బులోనే ఉంటుంది. రానూపోనూ దారులు రెండూ విడిపోయి, మధ్యలో స్టాట్ హాల్ ఫార్మ్ అనే 18వ శతాబ్దపు రైతు ఇల్లొకటి మిగిలిపోయింది. ఆ ఇల్లు ఎంత దూరం నుంచి కనబడిందన్నదాన్ని బట్టి పైన ఎలా ఉంటుందో అంచనా వేసుకుంటాను. ఎం62 మూసేసిన రోజున ఏ640 పట్టుకుని బక్‌స్టోన్స్ మీదుగా వెళ్ళాలి. అక్కడ వీధి దీపాలు ఉండవు, మలుపులు మాత్రం బోలెడు.

ఈ దారిలో తిరిగే మనవాళ్ళు ఈమధ్య బాగా పెరిగారు. చదువుకోవడానికి వచ్చినవాళ్ళు, కేర్ హోముల్లో పనిచేసేవాళ్ళు, కొత్త నర్సులు. అందరూ ముందు కొనేది పది పన్నెండేళ్ళ పాత చిన్న కారే. యారిస్, కోర్సా, ఫియస్టా, జాజ్ లాంటివి. చలికాలం రాగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. "అక్కా, లైట్లు అసలు చాలడం లేదు. ఆన్‌లైన్లో ఎల్ఈడీ బల్బులు చూశాను, పెట్టేయనా?" వద్దంటాను. ఎందుకు వద్దంటానో ఫోన్లో చెబితే ఒక పట్టాన ఎక్కదు. కారు తెమ్మని బానెట్ ఎత్తి చూపిస్తాను.

ఈ చిన్న కార్లలో చాలావాటికి ఉండేది హెచ్4 బల్బు. ఒకే గాజు బుడ్డిలో రెండు ఫిలమెంట్లు, హై బీమ్‌కు 60 వాట్లు, డిమ్‌కు 55 వాట్లు. డిమ్ ఫిలమెంటు కింద చిన్న లోహపు దొప్ప ఉంటుంది. ప్రమిదకు అరచెయ్యి అడ్డం పెట్టినట్టు అది వెలుగును కిందివైపు పోనివ్వదు. దాంతో రిఫ్లెక్టరు పైసగానికి మాత్రమే వెలుగు తగిలి, అక్కణ్ణుంచి తిరిగి రోడ్డు మీదికి దిగుతుంది. గోడ ముందు కారు ఆపి చూస్తే కింద వెలుగు, పైన చీకటి, మధ్యలో గీత గీసినట్టు హద్దు కనబడుతుంది. ఆ దొప్ప అంచు ఒక పక్కన 15 డిగ్రీల వాలుగా ఉంటుంది కాబట్టి హద్దు గీత ఎడమవైపుకు కాస్త పైకి లేస్తుంది. ఎడమ అంచున నడిచేవాళ్ళు, సైకిళ్ళవాళ్ళు, బోర్డులు ముందే కనబడాలని ఆ ఏర్పాటు. ఇక్కడా మనలాగే ఎడమవైపు నడుపుతారు కాబట్టి బెజవాడ కారుకూ బ్రాడ్‌ఫర్డ్ కారుకూ ఈ గీత ఒకటే. అదే కారును పడవెక్కించి ఫ్రాన్సుకు తీసుకెళ్తే ఎడమకు లేచే వెలుగు ఎదుటివాళ్ళ కళ్ళలోకి పోతుంది. అందుకే అక్కడికి వెళ్ళేవాళ్ళు అద్దాలకు స్టిక్కర్లు అంటిస్తారు.

ఆ గీతంటే నాకు ఎంతో గౌరవం. ఒకరికొకరు తెలియని ఇద్దరు చీకట్లో ఎదురెదురుగా వచ్చి ఒకరి కళ్ళకు ఒకరు హాని చేయకుండా దాటిపోవడం దాని చలవే. బల్బు మార్చేవాళ్ళు ముందు కాపాడాల్సింది ఆ గీతను.

రిఫ్లెక్టరును మలిచిందే ఫిలమెంటు ఫలానా చోట, ఫలానా పొడవున ఉంటుందన్న లెక్క మీద. మిల్లీమీటరు అటూ ఇటూ అయినా వెలుగు దారి తప్పుతుంది. ఆన్‌లైన్లో దొరికే ఎల్ఈడీ బల్బుకు ఫిలమెంటు ఉండదు. ఒక పలక రెండు ముఖాల మీదా చిప్పులు అతికించి ఉంటాయి. వెలుగు పక్కలకు చిమ్ముతుంది, ఫిలమెంటు చిమ్మినట్టు చుట్టూ సమానంగా పడదు. కారు ముందు పది మీటర్లలో రోడ్డు తెల్లగా మెరిసిపోతుంది కాబట్టి నడిపేవాడికి బ్రహ్మాండంగా ఉందనిపిస్తుంది. దూరాన కావలసిన చోట వెలుగు పడదు, గీత చెదిరి ఎదుటివాడి ముఖం మీద పడుతుంది. దగ్గరి మెరుపుకు కంటిపాప ముడుచుకుంటుంది కాబట్టి దూరపు చీకటి ఇంకా చిక్కనవుతుంది.

చట్టం కూడా ఇదే మాటంటుంది. మూడేళ్ళు దాటిన ప్రతి కారుకూ ఇక్కడ ఏటా ఎంఓటీ అనే ఫిట్‌నెస్ పరీక్ష ఉంటుంది, ఫీజు 54.85 పౌండ్లకు మించదు. హెచ్4 లాంటి హాలొజెన్ బల్బు కోసం చేసిన దీపంలో ఎల్ఈడీ గానీ హెచ్ఐడీ (జెనాన్) బల్బు గానీ పెడితే ఫెయిల్ చేయాలని 2021 నుంచి నిబంధనల్లో స్పష్టంగా ఉంది. 1986 ఏప్రిల్‌కు ముందు రోడ్డెక్కిన కార్లకు, మోటార్ సైకిళ్ళకు మినహాయింపు ఉంది, అవి మన పిల్లల దగ్గర ఉండవు. ఇన్సూరెన్సువాళ్ళకు చెప్పకుండా మార్పు చేస్తే అదో చిక్కు. జర్మనీలో 2020 నుంచి ఎంపిక చేసిన మోడళ్ళకు, పరీక్ష పాసైన కొన్ని ఎల్ఈడీ బల్బులను అనుమతిస్తున్నారు. అక్కడి బంధువులు పెట్టుకున్నారని ఇక్కడ పెట్టుకుంటే కుదరదు. కొత్త కార్లకు కంపెనీ నుంచే వచ్చే ఎల్ఈడీ దీపాల సంగతి వేరు, వాటి అద్దం, రిఫ్లెక్టరు ఎల్ఈడీ కోసమే చేసినవి. అయినా హెడ్‌లైట్ల మిరుమిట్ల గురించి ఇక్కడి జనం ఎంత గోల పెట్టారంటే, 2024లో ప్రభుత్వం దానిమీద ప్రత్యేకంగా పరిశోధన చేయించడానికి ఒప్పుకుంది.

మరి పాత కారుకు వెలుగు పెంచుకునే మార్గం లేదా? ఉంది. మొదటిది బల్బు దగ్గర కాదు, అద్దం దగ్గర మొదలవుతుంది. ఈ కార్ల దీపాలకు ముందుండేది గాజు కాదు, పాలికార్బొనేట్. ఎండకు, ఉప్పు నీళ్ళకు పైపూత పోయి పచ్చబడుతుంది. ఇక్కడ చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. తడిపిన ఉప్పు కాగితంతో ముందు గరుకుగా, తర్వాత నున్నగా రుద్ది, పాలిష్ పెట్టి, పైన ఎండ తట్టుకునే పూత వేయాలి. ఆ పూత వేయకపోతే మళ్ళీ శీతాకాలానికి పచ్చబడిపోతుంది. ఒక మధ్యాహ్నం పని. దీని తర్వాత చాలామంది బల్బు మాట ఎత్తరు.

రెండోది కరెంటు. హాలొజెన్ బల్బు వెలుగు వోల్టేజీని బట్టి విపరీతంగా మారుతుంది. 13.2 వోల్టుల దగ్గర లెక్కగట్టిన బల్బుకు పాత వైర్లు, తుప్పుపట్టిన ఎర్త్ వల్ల 12 వోల్టులే అందితే వెలుగు నాలుగో వంతుకు పైగా పడిపోతుంది. ఎర్త్ వైరు బోల్టు విప్పి గీకి బిగిస్తే వచ్చే తేడా ఏ కొత్త బల్బుకూ తీసిపోదు. విజయవాడ ఆటోనగర్‌లో మా తమ్ముడు కారుకు 100/90 బల్బులు వేయించినప్పుడు ఇదే సంగతి వాదించాను. వంద వాట్ల వేడికి హోల్డరు ప్లాస్టిక్ కరుగుతుంది, రిఫ్లెక్టరు మీది మెరిసే పూత మాడుతుంది. మెకానిక్ రిలే పెట్టాడు, సరే. ఆ రిలేతోనే మామూలు 60/55 బల్బులకు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు అందిస్తే సరిపోయేది. జాతీయ రహదారి మీద రాత్రంతా లారీలు హై బీమ్‌లో ఎదురొస్తుంటే మనమూ పెంచుకోవాలి కదా అని తమ్ముడి వాదన. వాడి బాధ నాకు తెలియక కాదు. మన దగ్గర ఒకప్పుడు హెడ్‌లైటు నడిమధ్యన నల్లరంగు పూసేవాళ్ళు, లారీల వెనక డిప్పర్ వాడమని రాసేవాళ్ళు. అవి ఈ గీత కోసం పడిన పాట్లే. అందరూ వాట్లు పెంచుకుంటూ పోతే ఆ రోడ్డు మీద ఎవరికీ ఏదీ కనబడదు.

ఇంకా వెలుగు కావాలనిపిస్తే అప్పుడు బల్బు. పెట్టె మీద నూట యాభై శాతం, రెండువందల శాతం అని రాసి ఉండే హాలొజెన్లు ఆస్రామ్, ఫిలిప్స్ లాంటి కంపెనీలు చేస్తాయి. అవి చట్టబద్ధమే, బల్బు మీద వలయంలో ఇంగ్లిషు ఈ అక్షరం, పక్కన అంకె ఉండాలి. ఆ శాతం మాత్రం మొత్తం వెలుగు రెట్టింపయిందని కాదు. హెచ్4 డిమ్ వెలుగు 1000 ల్యూమెన్లు, దానికి పదిహేను శాతానికి మించి అటూ ఇటూ పోకూడదని అంతర్జాతీయ నిబంధన. చట్టం అడిగే కనీస వెలుగుతో పోల్చి, రోడ్డు మీద దూరాన ఒకటి రెండు చోట్ల ఎంత ఎక్కువ పడుతుందన్నదే ఆ లెక్క. ఫిలమెంటును సన్నగా, మరింత వేడెక్కేలా, ఎక్కడ ఉండాలో కచ్చితంగా అక్కడే ఉండేలా చేసి దాన్ని సాధిస్తారు. అది నిజమైన మేలే. ఏ640 మలుపులో ఆ తేడా తెలుస్తుంది. దానికి మూల్యం బల్బు ఆయుష్షు, మామూలుదాంతో పోలిస్తే సగం కూడా ఉండదు. డ్యూటీకి రోజూ చీకట్లో తిరిగేవాళ్ళకు నేను వందలోపు శాతం రాసినవే చెబుతాను. తెల్లగా, నీలంగా కనబడటం కోసం గాజుకు రంగు పూసిన బల్బుల జోలికి పోవద్దంటాను. ఆ పూత ఉన్న వెలుగునే కొంత తినేస్తుంది, వానలో మరీ ఇబ్బంది పెడుతుంది.

మార్చడం కష్టం కాదు, ఓపిక కావాలి. వెనక మూడు పిన్నుల ప్లగ్గు లాగి, రబ్బరు మూత తీసి, తీగ క్లిప్పు పక్కకు తప్పిస్తే బల్బు చేతికొస్తుంది. బ్యాటరీ ఉన్న వైపు చెయ్యి దూరదు, అక్కడ చూపుతో పని లేదు, వేళ్ళతో తడుముకోవాల్సిందే. కొత్త బల్బు గాజును వేళ్ళతో తాకకూడదు. లోపల ఆవిరైన టంగ్‌స్టన్ మళ్ళీ ఫిలమెంటును చేరాలంటే గాజు బాగా వేడిగా ఉండాలి, అందుకే క్వార్ట్జ్ వాడతారు. చేతి జిడ్డు అంటిన చోట ఆ వేడికి గాజు పాడై ముందే పోతుంది. పొరపాటున తగిలితే స్పిరిట్‌తో తుడవాలి. బల్బు మూడు చెవులూ గాడుల్లో సరిగ్గా కూర్చోకపోతే ఎంత మంచి బల్బయినా గీత వంకరే. రెండువైపులా ఒకేసారి మార్చాలి, తర్వాత గోడ ముందు చూసుకోవాలి.

ఇక ఫాగ్ లైట్లు. చిన్న కార్లలో ఇవి ఎక్కువగా హెచ్11, హెచ్8 రకాలు, బంపరు కింద చక్రం పక్కనున్న ప్లాస్టిక్ తొడుగు విప్పి చెయ్యి పెట్టాలి. వీటిని మార్చమని అడిగేవాళ్ళలో చాలామందికి మామూలు రాత్రుల్లో కూడా వెలిగించుకోవాలని కోరిక. ఇక్కడి హైవే కోడ్ ప్రకారం చూపు 100 మీటర్లలోపుకు తగ్గినప్పుడే వాడాలి, తెరిపివ్వగానే ఆర్పేయాలి. అవి కిందుగా, వెడల్పుగా చల్లే దీపాలు. మంచు మన కళ్ళ ఎత్తులో వెలుగును తిరగ్గొడుతుంది కాబట్టి దాని కిందనుంచి రోడ్డు అంచును చూపించడం వాటి పని. హెచ్8 ఉన్న చోట 35 వాట్లే ఉండాలి. ఎక్కువ వాట్లది పెడితే ముందు తెల్లగోడ వస్తుంది తప్ప దారి రాదు. ముందు ఫాగ్ లైటు పసుపు రంగుది పెట్టుకోవడానికి చట్టం ఒప్పుకుంటుంది, ఫ్రాన్సులో 1936 నుంచి 1993 దాకా హెడ్‌లైట్లే పసుపు రంగులో ఉండేవి. పసుపు వెలుగు మంచును చీల్చుకుపోతుందన్నది నిజం కాదు, నీటి బిందువులు అన్ని రంగులనూ దాదాపు ఒకేలా చెదరగొడతాయి. నీలం తగ్గడం వల్ల కంటికి హాయిగా ఉంటుంది, అదీ ఒక మేలే. వెనక ఫాగ్ లైటు 1980 తర్వాతి కార్లకు తప్పనిసరి. మంచు పోయాక దాన్ని ఆర్పడం మరిచిపోతే వెనకవాడికి అది బ్రేక్ లైటో కాదో తెలియదు, దయచేసి డాష్‌బోర్డు మీది ఆ గుర్తు చూసుకోండి.

మా కొండ మీద మంచులో నిజంగా దారి చూపేది రోడ్డులో పొదిగిన క్యాట్స్ ఐస్. వాటిని కనిపెట్టిన పెర్సీ షా మా పక్క ఊరు హాలిఫాక్స్ వాడే. 1934లో పేటెంటు తీసుకుని, మరుసటి ఏడు అక్కడే కంపెనీ పెట్టాడు. చక్రం ఎక్కినప్పుడు రబ్బరు కిందికి నొక్కుకుని లోపలి గాజును తుడుస్తుంది. మోటార్‌వే మీద ఎడమ అంచుకు ఎరుపు, లేన్ల మధ్య తెలుపు, కుడి అంచుకు అంబర్, దిగే దారులకు ఆకుపచ్చ. వచ్చిన వెలుగును వచ్చిన వైపే తిప్పి పంపుతాయి కాబట్టి మామూలు డిమ్ లైటు వాటికి చాలు. వేగం తగ్గించి ఆ రంగుల వెంట పొమ్మనే కొత్తవాళ్ళకు మొదట చెబుతాను. వేగం ఎందుకు తగ్గించాలంటే, దీపం 65 సెంటీమీటర్ల ఎత్తులో ఉండి, గీత నూటికి ఒకటి చొప్పున కిందికి వాలితే ఆ వెలుగు రోడ్డును తాకేది 65 మీటర్ల దగ్గర. గంటకు 60 మైళ్ళ వేగంలో కారు ఆగడానికి 73 మీటర్లు కావాలని హైవే కోడ్ లెక్క. ఏ బల్బు పెట్టినా ఈ లెక్క మారదు.

మాంచెస్టర్ ఎయిర్‌పోర్టుకు అమ్మానాన్నలను తీసుకురావడానికి వెళ్ళేవాళ్ళకు ఇంకొక్క మాట. వెనక సీట్లో పెద్దవాళ్ళు, డిక్కీలో ఆవకాయ జాడీలతో సహా 23 కిలోల పెట్టెలు నాలుగు. చిన్న కారు వెనక కుంగి ముక్కు పైకి లేస్తుంది, ఆ నూటికి ఒక వంతు వాలు కాస్తా మాయమై గీత ఎదుటివాళ్ళ కళ్ళ ఎత్తుకు వస్తుంది. స్టీరింగ్ పక్కన సున్నా, ఒకటి, రెండు, మూడు అంకెలున్న చిన్న చక్రం దీనికోసమే. అంకె పెరిగితే వెలుగు దిగుతుంది. కార్ పార్కులోంచి బయటికి రాకముందే రెండుకో మూడుకో తిప్పండి, ఇంటికొచ్చి పెట్టెలు దించాక సున్నాకు తీసుకురండి.