బాగున్న కన్ను మూయమన్నారు



పోయిన నెల యవ్వనస్థుల కూడికలో మార్కు సువార్త 8వ అధ్యాయం చదువుకున్నాం. బేత్సయిదాలో ఒక గుడ్డివాని చెయ్యి పట్టుకుని ప్రభువు ఊరి బయటకు తీసుకెళ్తారు. మొదటిసారి ముట్టినప్పుడు అతనికి మనుషులు నడుస్తున్న చెట్లలా కనబడ్డారు. రెండోసారి చేతులుంచాకే అంతా తేటగా కనబడింది. ఐటీలో పనిచేసే ఒక తమ్ముడు లేచి, "అయ్యగారూ, ఒక్కసారికే ఎందుకు కాలేదు?" అని అడిగాడు. శిష్యులకు కూడా అప్పటికి సగమే అర్థమైంది, ఆ సంగతే మార్కు ఇలా చూపిస్తున్నాడని సెమినరీలో మాకు చెప్పిన జవాబు చెప్పాను. అది మంచి జవాబే. అయితే ఆ వారమంతా నా తలలో వేరే సంగతి తిరుగుతోంది.

మన సంఘంలో పాలమూరు వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబం ఉంది. తండ్రి కోకాపేట టవర్లలో మేస్త్రీ పని చేస్తాడు, తల్లి ఫ్లాట్లలో పనికి వెళ్తుంది. వాళ్ల ఆరేళ్ల బాబు బోర్డు మీది అక్షరాలు తప్పుగా రాస్తున్నాడని టీచరమ్మ చెప్పింది. నగరంలో ఒక కంటి ఆసుపత్రికి నేనూ వాళ్లతో వెళ్లాను. కుడి కంట్లో పవర్ చాలా ఎక్కువ. అద్దాలు పెట్టారు. కొన్ని వారాల తర్వాత చూసినా, ఆ అద్దాలతో కూడా ఆ కన్ను పెద్ద అక్షరాలే చదివింది. అప్పుడు డాక్టరమ్మ, "కన్ను ఆరోగ్యంగానే ఉంది. ఆ కంటితో చూడటం మెదడు నేర్చుకోలేదు" అంది. దీన్నే సోమరి కన్ను అంటారు. వైద్యం ఏమిటంటే, బాగున్న ఎడమ కంటికి రోజుకు రెండు గంటలు ప్యాచ్ అంటించడం.

నాయనమ్మకు కోపం వచ్చింది. "ఏంది అయ్యగారూ, మంచిగున్న కన్ను మూసి, రాని కన్నుతోటి సూడమంటున్నరు? ఉన్నది గూడ పోతే?" అని నన్ను పట్టుకుంది. ఆమె అడిగిందాంట్లో తప్పేమీ లేదు. ఆ ప్రశ్నకు జవాబు కోసం నేను కొంత చదివాను. అదే మీతో పంచుకుంటున్నాను.

మన మెదడులో సుమారు 8,600 కోట్ల న్యూరాన్లు, అంటే నాడీకణాలు ఉన్నాయి. ఒక్కొక్కటి వేలాది ఇతర కణాలతో మాట్లాడుతుంది. రెండు కణాలు కలిసే చోటును సైనాప్సు అంటారు. అక్కడ అవి ఒకదానికొకటి తగలవు, కంటికి కనబడనంత సన్నని సందు ఉంటుంది. ఒక కణం చివర నుంచి రసాయనం ఆ సందు దాటి అవతలి కణాన్ని లేపుతుంది. రెండు కణాలు పదేపదే కలిసి పనిచేస్తే వాటి మధ్య బంధం గట్టిపడుతుంది. పని లేని బంధం బలహీనపడి, చివరికి ఊడిపోతుంది. చూపుకు సంబంధించిన భాగంలో ఈ సైనాప్సులు బిడ్డకు ఏడాది నిండకముందే అత్యధికంగా ఉంటాయట. ఆ తర్వాత బాల్యమంతా తగ్గుతూ వస్తాయి. అది నష్టం కాదు, ఏరివేత.

ఇదంతా ఇంజనీరు ముందే గీసిన ప్లాన్ అనుకుంటాం. మన కోకాపేటలోనే చూడండి. 2023లో ఎకరం వంద కోట్లు దాటిన నియోపోలిస్ లేఅవుట్‌లో మనుషులు రాకముందే రోడ్లు వేశారు. పాత ఊళ్లో అలా కాదు. బావికి, చెలకకు, చెరువు గట్టుకు కాళ్లు నడిచి నడిచి దారులు పడ్డాయి. నడవని దారిని తుమ్మచెట్లు మూసేశాయి. మెదడులో ఈ రెండూ ఉన్నాయి. పెద్ద రోడ్లు పుట్టుకతో పడతాయి, సందులు మాత్రం నడిస్తేనే పడతాయి. ఇంకో వింత కూడా చెప్పాలి. అనేక క్షీరదాల పిల్లల్లో కళ్లు తెరవకముందే, వెలుగు చూడకముందే, రెటీనాలో తనంతట తానే అలలు లేచి మెదడు వైపు వెళ్తాయి. చీకట్లోనే దారి సిద్ధమవుతోందన్నమాట. అది చదివాక 139వ కీర్తన తెరుచుకుని కాసేపు అలాగే కూర్చున్నాను.

డేవిడ్ హ్యూబెల్, టోర్‌స్టెన్ వీసెల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1960లలో పిల్లి కూనల మీద పరిశోధన చేశారు. 1981లో వాళ్లకు నోబెల్ బహుమతి వచ్చింది. పుట్టిన మొదటి వారాల్లో కూనకు ఒక కన్ను మూసి ఉంచి, తర్వాత తెరిచారు. కన్ను బాగానే ఉంది. కానీ మెదడులో చూపు కణాలు ఆ కంటి మాట దాదాపు వినడం మానేశాయి. పెద్ద పిల్లికి అలాగే చేస్తే ఏమీ కాలేదు. ఆ తర్వాత రెండు కళ్లూ మూసి చూశారు. ఒక్కటి మూసిన దానికంటే నష్టం రెండింతలు కావాలి కదా? కాలేదు. చాలా కణాలు ఇంకా స్పందించాయి. దానివల్ల తేలిందేమిటంటే, వెలుగు లేకపోవడం ఒక్కటే కారణం కాదు. రెండు కళ్లు ఒకే చోటు కోసం పోటీపడుతున్నాయి. గెలిచిన కన్ను ఓడినదాని స్థలం కూడా తీసుకుంటుంది.

నాయనమ్మకు ఇది పొలం లెక్కలో చెప్పాను. ఒకే కాలువ మీద ఇద్దరు రైతులుంటే, పైవాడు నీళ్లన్నీ మలుపుకుంటే కిందివాడి మడి ఎండిపోతుంది. రోజుకు రెండు గంటలు పైవాడి తూము మూస్తున్నారు, అంతే. ఆమె కాసేపు ఆలోచించి, "మరి పైవాని మడి ఎండదా?" అంది. డాక్టర్లకు కూడా ఆ జాగ్రత్త ఉంది, అందుకే గంటలు లెక్కపెట్టి చెప్తారు, మధ్యమధ్య రెండు కళ్లూ పరీక్షిస్తారు. అమెరికాలో 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో, సమస్య మధ్యస్థంగా ఉన్న ఏడేళ్లలోపు పిల్లలకు రెండు గంటల ప్యాచ్, ఆరు గంటల ప్యాచ్‌తో సమానంగా పనిచేసిందని తేలింది.

వయసు దాటితే ఏమవుతుంది? ఇంగ్లాండులో చిన్నప్పటి నుంచీ చూపులేని ఒకాయనకు 1958లో, యాభై రెండేళ్ల వయసులో, కార్నియా మార్పిడి జరిగింది. వేళ్లతో తడిమి నేర్చుకున్న పెద్ద అక్షరాలను కంటితో పోల్చుకోగలిగాడు గానీ మనుషుల ముఖాలు ఆయనకు చివరిదాకా కష్టమే. అలాగని తలుపు ఒక్కసారిగా మూసుకుపోతుందనీ అనలేం. పవన్ సిన్హా అనే శాస్త్రజ్ఞుడు మన దేశంలో నడిపిన ప్రాజెక్ట్ ప్రకాశ్‌లో, పుట్టుకతో చూపులేక ఎనిమిదేళ్లు దాటాక ఆపరేషన్ అయిన పిల్లలు కూడా మెల్లగా చూడటం నేర్చుకున్నారు. మొదట చేత్తో తెలిసిన వస్తువును కంటితో గుర్తుపట్టలేకపోయారు, కొన్ని రోజుల్లోనే పట్టగలిగారు.

బేత్సయిదా మనిషికి ఇదే జరిగిందని నేను అనను. అతనికి చెట్టు ఎలా ఉంటుందో తెలుసు, కాబట్టి ఒకప్పుడు చూపు ఉండి ఉండవచ్చు. కానీ కన్ను తెరుచుకోవడం, చూడటం రెండు వేర్వేరు సంగతులని ఇప్పుడు నాకు బాగా అర్థమైంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ తల్లికి ఎవరో, "ప్రార్థన చేయించుకున్నారు కదా, ఇంకా ఆ ప్లాస్టర్ ఎందుకు, విశ్వాసం లేదా?" అన్నారట. మూడు రోజులు ప్యాచ్ మానేశారు. దయచేసి అలా అనకండి. ప్రభువు రెండోసారి చేతులుంచడానికి సిగ్గుపడలేదు. మనం రెండు గంటల ప్యాచ్‌కు ఎందుకు సిగ్గుపడాలి? ఈ బాబుకు ఇప్పుడు ఆరేళ్లు. పదిహేనేళ్లకు ఇదే పని ఇంత సులువుగా జరగదు. మెల్లకన్ను అదృష్టమని వదిలేసే ఇళ్లకూ ఇదే మాట. బడిలో చేర్చేముందే పిల్లల రెండు కళ్లూ విడివిడిగా పరీక్ష చేయించండి. డబ్బుల గురించి భయపడేవారికి ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు 1987లో మొదలుపెట్టిన ఆ సంస్థలో పేదవారికి ఉచితంగా చూస్తారు.

బడిలో ఏడిపిస్తున్నారని బాబు అక్కడ ప్యాచ్ పెట్టుకోనంటున్నాడు. అందుకని సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా మందిరం వరండాలో కూర్చోబెడుతున్నాం. సండేస్కూల్ టీచరక్క పూసలు గుచ్చిస్తుంది, చిన్న అక్షరాలు చదివిస్తుంది. మొదటి వారం పది నిమిషాలకోసారి ఏడ్చాడు. ఆరు వారాల తర్వాత చార్టులో రెండు వరుసలు కిందికి చదివాడు. ఇంకా మూడు వరుసలున్నాయి. మళ్లీ పరీక్ష వచ్చే నెల మొదటి శనివారం. ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి. మంగళ, గురువారాల్లో టీచరక్కకు డ్యూటీ ఉంది, ఆ రెండు సాయంత్రాలు ఎవరైనా వచ్చి వాడితో కూర్చోగలిగితే నాకు ఫోన్ చేయండి.