ఉక్కుతీగ వంపు

మా యింట వీణతీగలుంచు పెట్టెలో నిప్పుడొక క్రొత్త పనిముట్టు చేరినది. చూచుటకు కటింగు ప్లయరువలెనే యుండును గాని దాని దవడలు సమముగా నుండవు. ఒక దవడయందు చిన్న మెట్టును, రెండవదానియందు ఆ మెట్టునకు సరిపోవు గాడియు కలవు. నడుమ సన్నని యుక్కుతీగ నుంచి పిడులను గట్టిగా నొక్కినచో, ఆ తీగ ఇంగ్లీషు అక్షరములలోని జెడ్ ఆకారమున వంగి వచ్చును. రేడియోతో నడపు చిన్న విమానములు కట్టువారు దీనిని వాడుదురు.

స్త్రీల పత్రికలో నీ ప్రసంగమేల యని సోదరీమణులడుగవచ్చును. ఆ విమానములు కట్టువాడు మా అబ్బాయి. వానికి తీగలు వంచి యిచ్చుచు వచ్చినదానను నేను. నేను వంచిన తీగ యొకటి గాలిలో విఱిగి యొక పసివాని ప్రాణముమీదికి తెచ్చినది. ఆ సంగతి నేను మూడు దినములు దాచితిని. అందువలన నీ వ్రాత.

తెలియనివారికి ముందుగా రెండు మాటలు చెప్పవలెను. ఇట్టి విమానములను బాల్సా యను మిగుల తేలికయైన కఱ్ఱతో కట్టుదురు. మా వాడు కట్టినదానికి రెక్కల కొననుండి కొనకు మీటరున్నర, బరువు కిలోన్నర. క్రింద నిలిచినవాడు చేతిలోని పెట్టెమీది పుల్లను కదల్చగా, రేడియో ద్వారా ఆ యాజ్ఞ విమానమున కందును. విమానము కడుపులో నగ్గిపెట్టెయంత మోటారులుండును, వానిని సర్వోలందురు. ఒక్కొక్క సర్వోకు ఒక చిన్న ప్లాస్టికు చేయి యుండి యిటునటు తిరుగును. ఆ చేతికిని తోకయందలి పలకకును నడుమ నొక యుక్కుతీగ. అదియే పలకను త్రోయును, అదియే లాగును. పలక లేచినచో విమానము ముక్కు లేచును, దిగినచో దిగును. లోపల నెంత ఖరీదైన యంత్రములున్నను ఆ తీగ తెగినయెడల వానికి తోకపై నధికారము లేదు.

చేతి రంధ్రమున తీగను దూర్చి ఒక్క వంపు వంచి విడిచినచో, శీలలేని చెవిదుద్దువలె నెప్పుడో యొకప్పుడు జారిపోవును. దానికి వేఱొక ప్లాస్టికు పట్టు తగిలింపవలసి వచ్చును. జెడ్ వంపున కా బాధ లేదు. రంధ్రమున కీవలనొక మూల, ఆవలనొక మూల. తీగ తనంతట బయటికి రాజాలదు. చేతిని సర్వోనుండి యూడదీసి, మెల్లగా త్రిప్పి తీగ కెక్కించి, మరల బిగింపవలెను. రంధ్రము తీగకు సరిగా నుండవలెను. వదులైనచో గాలివేగమునకు తోకపలక వడవడ వడకును. ఆ వడకుతో తోక ముక్కలైపోవుటయు కలదు.

ఈ తీగకు పియానోతీగ యని పేరు. పియానో వాద్యమునకు తంత్రులుగా బిగించు గట్టి యుక్కే యిది. ఈ మాట విన్నప్పుడే నాకు దీనిపై మమకారము కలిగినది. పెండ్లికి ముందు నేను వీణ నేర్చుకొంటిని. మా గురువుగారు క్రొత్త తీగ చుట్టను విప్పునప్పుడు పసిబిడ్డను పొత్తిళ్లలోనుండి తీసినట్లు తీయుచుండిరి. తీగ మెలికపడినచో దానిని సాపుచేసి వీణకు బిగింపనిచ్చెడివారు కారు. "అమ్మాయీ, అది యక్కడనే తెగును. పారవేయుము" అనెడివారు. ఈ మాట నేను మఱచితినని చెప్పుకొనుటకును వీలులేదు. జ్ఞాపకముండియే తప్పు చేసితిని.

అప్పటికి మా యింట నీ జెడ్ ప్లయరు లేదు. రెండు మామూలు ప్లయరులతో వంచవలసి వచ్చెడిది. ఒకదానితో తీగను పట్టి, రెండవదానితో దాని ప్రక్కనే పట్టి త్రిప్పవలెను. ఈ యుక్కు మొండిది. తొంబది డిగ్రీలకు వంచి విడిచినచో కొంత వెనుకకు తిరిగిపోవును. కావున మఱికొంచె మెక్కువగా వంచవలెను. ప్లయరు దవడ యంచు మిక్కిలి వాడిగా నున్నచో వంపు లోపలివైపు గంటుపడును. మంటపై కాచిన సులభముగా వంగునుగదా యని నేనొకసారి గ్యాసుపొయ్యి వెలిగింపబోగా మా వాడు పరుగెత్తుకొని వచ్చి యాపెను. కాచిన యుక్కు పదను పోయి మెత్తబడును, అది పనికిరాదట. తునుగునప్పుడు తెగిన ముక్క తూటావలె నెగురును. కంటి కద్దము లేనిదే నేనా పనికి కూర్చుండను.

వాని వ్రేళ్లు తొందరవి. నా వ్రేళ్లు నిదానము. అందుచేత "అమ్మా, నీవే వంచి పెట్టు" అనెడివాడు. ఇంజనీరింగు చదివిన కొడుకు తల్లిని పనిముట్లు పట్టుకొమ్మని యడుగుట యెంత గర్వముగా నుండునో వేఱుగ చెప్పనేల!

గడచిన వేసవిలో నొక రాత్రి తోకపలక తీగను వంచితిని. కొలత తప్పి వంపు వడ్లగింజయంత ఇవతల పడినది. మిగిలిన తీగ యదియొక్కటే. తెల్లవారిన వాడు ఎగురవేయవలెను. అంతయుగాక చేతిలోని వస్తువును పారవేయుట మనకు పుట్టుకతో రాని విద్య. వంపును సాపుచేసి, మరల నాచోటనే, ఒక వెండ్రుకవాసి జరిపి వంచితిని. చూచుటకు చక్కగానే యుండెను. లాగి చూచితిని, నిలిచెను. నిద్రపోతిని.

ఉదయము ఎండిన చెరువులో విమానము లేచినది. రెండు చుట్లు తిరిగినది. మూడవ చుట్టులో మా వాడు పుల్ల వెనుకకు లాగుచున్నను అది ముక్కు దించి వచ్చుచునే యుండెను. వాడు మోటారు ఆపి కేకలు పెట్టెను. గట్టు దగ్గఱ మేకలను కాచుచున్న యెనిమిదేండ్ల పిల్లవాడొకడు పైకి చూచుచు నిలిచిపోయెను. విమానము వానికి పది యడుగుల దూరమున నేలను గ్రుచ్చుకొనెను. పిల్లవాడు నవ్వెను. నాకు కాళ్లలో సత్తువ లేక నేలపై కూర్చుండిపోతిని.

ముక్కలేఱునప్పుడు తీగ నా చేతికే దొరకినది. సరిగా వంపు మూలలో విఱిగినది. మా వాడు చూచి, నేలకు తగిలి విఱిగి యుండునని పారవేయుమనెను. రేడియో సంకేతము తప్పినదని వాని నిశ్చయము. నేనా ముక్కను కొంగున ముడివేసికొంటిని.

ఆ సాయంకాలమే వాడు రెండువేల రూపాయలు పెట్టి క్రొత్త రిసీవరు తెప్పించుటకు వ్రాసెను. నేను విని యూరకుంటిని. రెండవనాడును ఊరకుంటిని. చెప్పిన మరల నన్ను పనికి పిలువడేమో యన్న భయమే నా నోరు నొక్కినది. ఆ పిల్లవాని తలంపు దానికి తరువాతిదైనది. దీనిని వ్రాయుటకు సిగ్గగుచున్నది. మూడవనాటి రాత్రి వాడు రెండవ విమానమును బయటికి తీయుచుండెను. దాని తీగలును నేను వంచినవే. ఏది మొదటి వంపో, ఏది దిద్దిన వంపో నాకే తెలియదు. కొంగుముడి విప్పి ముక్కను వాని ముందుంచి, జరిగినది చెప్పితిని.

వాడు చాలసేపు మాటాడలేదు. దీపము దగ్గఱ ఆ కొనను త్రిప్పి త్రిప్పి చూచెను. తరువాత లేచి రెండవ విమానముయొక్క తీగలన్నియు నూడదీసి తునిగివేసెను. "మూడు దినములా, అమ్మా?" అని మాత్రము అడిగెను. వానికి నా బదులు లేదు.

వారము తరువాత క్రొత్త తీగలును, ఈ జెడ్ ప్లయరును తెచ్చి నా ముందు పెట్టెను. నాకు చూపు తగ్గినది, నావలన కాదంటిని. చూపు తగ్గిన మాట నిజమే. సాకు మాత్రము సాకే. అప్పుడు వాడు అమెరికా దేశీయుడైన మేనార్డ్ హిల్ సంగతి చెప్పెను. 2003వ సంవత్సరము ఆగస్టులో ఆయన బృందము కెనడాలోని న్యూఫౌండ్లాండు తీరమునుండి ఎగురవేసిన బాల్సా విమానము అట్లాంటికు సముద్రమును దాటి, 38 గంటల 52 నిమిషములకు ఐర్లండులో దిగినది. దూరము ఇంచుమించు 3,030 కిలోమీటర్లు. బరువు ఐదు కిలోలకు లోపు. నడిసముద్రముపై ఉపగ్రహముల సాయముతో తనంతట నడచినది. లేచుటయు దిగుటయు మాత్రము మనుష్యుల చేతిమీదుగా జరిగినవి. ఆ విమానము కట్టునాటికి హిల్ డెబ్బదియేండ్లు దాటినవాడు, అచటి చట్టము లెక్కకు అంధుడు. నాకిక మాట దొరకలేదు.

ఈ ప్లయరుతో పని సులువు. వంపు ప్రతిసారియు నొకటే కొలతలో వచ్చును. అయితే సన్నని తీగలకే. లావు తీగ పెట్టి నొక్కినచో దవడలే చెడును. వంచకముందు తీగపై స్కెచ్ పెన్నుతో గుర్తుపెట్టి, సర్వో చేయి నడుమకు నిలిచినదా, తోకపలక సమముగా నున్నదా యని రెండుసార్లు చూచుకొందును. వంచినపిదప వ్రేలిగోటితో మూలను తడుముదును; గంటున్నచో గోటికి తగులును, కంటికి తెలియకపోయినను. ఎగురవేయుటకు ముందు మా వాడు పుల్ల లాగి చూపగా, తోకపలక లేచినదని నేను చెప్పవలెను. అదియు నా వంతే.

వీణతీగల పెట్టెలో ఒక మూల తప్పుపడిన తీగముక్కలను వేయుచున్నాను. నిన్నటికి ఇరువదిమూడైనవి. తీగ ధర యెంతయో నేనిప్పుడు వాని నడుగుట లేదు.